థింసాలో పాట ఎందుకు చప్పబడుతుంది?

అడుగులన్నీ సరిగ్గానే పడుతున్నా మీ కాలేజీ పిల్లలు వేసే థింసాలో, అంటే అరకు మన్యం గిరిజనులు వరసకట్టి పాడుతూ ఆడే ఆటలో, జీవం లేదన్నారు మీరు, మన్యం వాళ్ళ బతుకు ఆ పాటలో ఎక్కడ కనబడుతుందని అడిగారు. ముందు ఆ రికార్డు పాట ఆపించండి. విశాఖ స్టేజీల మీద థింసా పాడయ్యేది ఎక్కువగా అక్కడే.

అరకు వైపు ఊళ్ళల్లో సగం వరస పాట ఎత్తుకుంటే మిగతా సగం అందుకుంటుంది. ఒకరు పాడితే పదిమంది ఆడే ఆట కాదిది. ఒకామెకు ఊపిరి చాలక ఆగితే పక్కామె గొంతు ఆ చోటు నింపుతుంది, పాట తెగదు. మీరడిగిన బతుకు నాకు అన్నిటికన్నా ముందు అక్కడే కనబడుతుంది. మైకు ఒక్కరి ముందు పెట్టారా, రెండో చరణానికే మిగతావాళ్ళు పెదాలు కదపడం మొదలుపెడతారు. మైకు వరసకు ఎదురుగా, కాస్త దూరంలో పెట్టండి.

ఇక చేతులు. ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు పెనవేసుకోవాలి. భుజాల మీద వేస్తే పొట్టి పిల్ల వేలాడినట్టవుతుంది, మెడ బిగుసుకుని గొంతు పెగలదు. (థింసాలోనే పొతర్ తోలా అనే రకం వేరు. ఆకులు కోసే ఆట కదా, అందులో వెనక వరస చేతులు ముందు వరస భుజాల మీదే ఉంటాయి.) పట్టు సరిగ్గా కుదిరితే పక్కామె శ్వాస వీపులో తెలుస్తుంది, చరణం ఎప్పుడు అందుకోవాలో ఎవరూ సైగ చేయక్కర్లేదు.

వరస తెగేది మలుపులో. లోపలి కొసన ఉన్నవాళ్ళు ఉన్నచోటే చిన్న అడుగులు వేస్తుంటే, బయటి కొసవాళ్ళు పెద్ద అంగలు వేయాలి. బాగా అలవాటున్న మనిషిని బయటి కొసన నిలపండి. నేర్చుకుంటున్నవాళ్ళు మధ్యలో ఉండాలి, రెండు పక్కలా పట్టు దొరుకుతుంది.

డప్పు, తుడుం వాళ్ళకు ముందే చెప్పండి: మొదటి నాలుగు చరణాల దాకా దరువు పెంచొద్దు. వేగం పెరిగితే కాళ్ళు అందుకుంటాయి కానీ ఊపిరి అందదు, ముందు పోయేది పాటే. ఊదే వాయిద్యం మోరి కూడా ఉంటే ఇంకా మంచిది.

బాగ్ థింసా వేయిస్తుంటే పిల్లలకు అర్థం చెప్పే వేయించండి. పులి వచ్చినప్పుడు ఎలా తప్పించుకోవాలో చూపే ఆట అది. సగం మంది చేతులు కలిపి వలయం కడితే, మిగతావాళ్ళు గబగబా లోపలికి చేరి పాములా చుట్టుకుంటారు. సంగతి తెలిస్తే ఆ పరుగులో తొందర దానంతటదే వస్తుంది.

వరసలో మనిషికి అడుగున్నర చోటు పడుతుంది. ఇరవై అడుగుల స్టేజీ మీద పన్నెండు మంది నిలబడగలరు, తిరగలేరు. మైదానంలో వేయించండి.