చిన్నపిల్లలకు చదువు చెప్పాలని ఉంది, ఇంట్లో ఒప్పుకోవడం లేదు

ప్రశ్న: మాది నల్గొండ జిల్లాలో ఒక చిన్న పట్టణం. బైపీసీతో ఇంటర్ పూర్తిచేసి, నాన్నగారి మాట కాదనలేక ఒక సంవత్సరం నీట్ లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకున్నాను. సీటు వచ్చేంత మార్కులు రాలేదు. ఇంకొక్క ఏడాది కూర్చోమని నాన్నగారు అంటున్నారు. నాకేమో టీచర్ కావాలని ఉంది. సెలవుల్లో మా వీధిలో ఒక పిన్నిగారు నడిపే ట్యూషన్‌లో ఒకటి, రెండు తరగతుల పిల్లలకు చదువు చెప్పాను. ‘య’కూ ‘మ’కూ తేడా తెలియని ఒక బాబు చేత నేల మీద చింతగింజలు పేర్పించి, ఆ గింజల మీద వేలు తిప్పించి అక్షరాలు నేర్పాను. కొన్నాళ్లకు వాడు కిరాణా కొట్టు బోర్డు కూడబలుక్కుని చదివి, పరుగెత్తుకొచ్చి నాకు చెప్పాడు. చిన్న తరగతుల టీచర్ల శిక్షణ కోర్సు అయిన డీఎడ్ చేస్తానంటే, డిగ్రీ లేని పిల్లకు సంబంధాలు ఎలా వస్తాయని అమ్మ దిగులు పడుతోంది. ఏదో ఒక డిగ్రీ చేసి ఆపైన బీఎడ్ చేస్తే చిన్న తరగతులకూ పెద్ద తరగతులకూ పనికొస్తుందని మా మేనమామ అంటున్నారు. ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష అయిన డీఎస్సీని నమ్ముకుంటే జుట్టు నెరిసిపోతుందంటూ నాన్నగారు పేపర్లో 2008 డీఎస్సీ వాళ్ల వార్త తీసి చూపించారు. నా కోచింగ్ కోసం ఆయన అప్పు చేశారు కాబట్టి ఎదురు చెప్పలేకపోతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: మీరు మీ మార్కుల గురించి ఒక్క వాక్యంలో చెప్పి, ఆ బాబు గురించి మాత్రం చింతగింజలతో సహా రాశారు. ఉత్తరాలు చదివే పనిలో ఉన్నవారికి ఇలాంటివి కంటబడతాయి. నీట్ నుంచి తప్పించుకోవడానికే మీరు టీచర్ ఉద్యోగం పేరెత్తుతున్నారేమోనని మొదట అనుమానించాను గానీ, ఆ నాలుగు మాటలు చదివాక ఆ అనుమానం చాలావరకు పోయింది. డిగ్రీయా, డీఎడ్డా అన్న చర్చ మీ ఇంట్లో ముందుగా మొదలైంది. దానికంటే ముందు తేల్చుకోవలసింది, మీరు ఏ వయసు పిల్లల ముందు నిలబడాలనుకుంటున్నారన్నది. అది తేలితే కోర్సు దానంతట అదే తేలుతుంది, ఎందుకంటే మన దగ్గర ఈ రెండు దారులూ ఇప్పుడు దాదాపు పూర్తిగా వేరైపోయాయి.

ఒకటి నుంచి ఐదో తరగతి వరకు చెప్పే ప్రభుత్వ ఉద్యోగాన్ని సెకండరీ గ్రేడ్ టీచర్, అంటే ఎస్జీటీ పోస్టు అంటారు. దానికి ఇంటర్ తర్వాత రెండేళ్ల డీఎడ్, టీచర్ అర్హత పరీక్ష అయిన టెట్‌లో పేపర్-1 ఉండాలి. హైస్కూలు తరగతులకు చెప్పే స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు సంబంధిత సబ్జెక్టులతో డిగ్రీ, రెండేళ్ల బీఎడ్, టెట్ పేపర్-2 కావాలి. మీ మేనమామగారు చెప్పినది ఆయన ఎరిగిన కాలానికి నిజమే. ఒకప్పుడు బీఎడ్ చేసినవారు కూడా ఎస్జీటీ పోస్టులకు పోటీపడేవారు. విద్యాహక్కు చట్టం వచ్చాక 2010లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి కనీస అర్హతలు నిర్ణయించినప్పుడు ఆ తలుపు మూసుకుంది, 2018 జూన్‌లో అదే మండలి ఇచ్చిన నోటిఫికేషన్‌తో మళ్లీ తెరుచుకుంది, ఆ నోటిఫికేషన్ చెల్లదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వడంతో తిరిగి మూసుకుపోయింది. చిన్నపిల్లలకు చదువు నేర్పడానికి ప్రత్యేకమైన శిక్షణ అవసరమనీ, బీఎడ్ పెద్ద తరగతుల కోసం రూపొందించిన కోర్సు అనీ ఆ తీర్పు సారాంశం. కాబట్టి డిగ్రీకి మూడేళ్లు, బీఎడ్‌కు రెండేళ్లు పెట్టి, చివరికి ఒకటో తరగతి పిల్లలకు చెప్పాలనుకుంటే ఆ అయిదేళ్ల చదువు మిమ్మల్ని ఎస్జీటీ పోస్టు దగ్గరకు చేర్చదు.

నాన్నగారు చూపించిన వార్తను కూడా ఈ వెలుగులోనే చదవాలి. 2008 డీఎస్సీలో నోటిఫికేషన్ వెలువడిన తర్వాత ఎస్జీటీ పోస్టుల్లో 30 శాతం డీఎడ్ అభ్యర్థులకు ప్రత్యేకించడం వల్ల, మార్కుల్లో ముందున్న కొందరు బీఎడ్ అభ్యర్థులు నష్టపోయి, ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగి, చివరికి 2025లో కాంట్రాక్టు పద్ధతిన ఉద్యోగాల్లో చేరారు. వారి కష్టం చిన్నది కాదు. కానీ ఆ తగవంతా ఏ పోస్టుకు ఏ చదువు అర్హత అన్న దాని మీద నడిచింది. నాన్నగారు దాన్ని డీఎడ్ చేయకపోవడానికి కారణంగా చూపిస్తున్నారు. నాకైతే అది పోస్టుకు తగిన చదువే చదవాలని చెప్పే వార్తగా కనిపిస్తోంది.

అయితే ఆయన భయంలో నిజం లేదని అనలేను. తెలంగాణలో 2017లో వచ్చిన నియామక నోటిఫికేషన్ తర్వాత మళ్లీ పెద్ద డీఎస్సీ 2024లో గానీ జరగలేదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2018 తర్వాత 16,347 పోస్టుల మెగా డీఎస్సీ 2025 దాకా ఆగింది. మధ్యలో ఆరేడేళ్లు గడిచిపోతాయన్న లెక్కతోనే మీరు ఈ దారిలో అడుగుపెట్టాలి. అదే సమయంలో 2024 తెలంగాణ డీఎస్సీలో ఉన్న 11,062 పోస్టుల్లో 6,508 ఎస్జీటీవే కాగా, అన్ని సబ్జెక్టుల స్కూల్ అసిస్టెంట్ పోస్టులూ కలిపి 2,629 మాత్రమే అన్న సంగతి కూడా ఆయనకు చూపించండి. పైగా బీఎడ్ వారు ఎస్జీటీ పోటీలో లేరు. తెలంగాణ ప్రస్తుత వేతన స్కేళ్లలో ఎస్జీటీ మూల వేతనం 31,040 రూపాయల దగ్గర, స్కూల్ అసిస్టెంట్‌ది 42,300 దగ్గర మొదలవుతాయి. ఇంట్లో అంకెలు అడుగుతారు కాబట్టి ఇవి దగ్గర పెట్టుకోండి.

ఇక నా సలహా. మీరు డీఎడ్ ప్రవేశ పరీక్ష డీఈఈసెట్ రాసి డీఎడ్‌లో చేరడం మంచిది. డీఎడ్ చెప్పే ప్రభుత్వ డైట్ కళాశాలలో సీటు కోసం గట్టిగా ప్రయత్నించండి, ఎందుకంటే అక్కడ ఫీజు భారం తక్కువ, అప్పులో ఉన్న ఇంటికి అది చిన్న విషయం కాదు. ప్రైవేటు కళాశాలకు వెళ్లక తప్పకపోతే, ‘రోజూ రానక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు’ అనే చోట మాత్రం చేరవద్దు. డీఎడ్‌లో అసలు విలువ బడికి పంపి పాఠాలు చెప్పించే వారాలదే. ఆ వారాలను రికార్డు పుస్తకాల్లోనే నడిపించేసే కళాశాలలు ఉన్నాయని ఈ రంగంలో ఉన్నవారందరికీ తెలుసు. సీటు ఖరారు చేసుకునే ముందు అక్కడ రెండో ఏడాది చదువుతున్న ఒకరిద్దరితో మాట్లాడితే గంటలో అసలు సంగతి బయటపడుతుంది.

డీఎడ్ చివరి ఏడాదిలోనే టెట్ రాయవచ్చు. నూట యాభై మార్కులకు జరిగే ఆ పరీక్షలో ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీలకు 60 వస్తే అర్హత దక్కుతుంది. అర్హత రాగానే చాలామంది ఆ పుస్తకాలు కట్టగట్టి అటక మీద పెట్టేస్తారు. డీఎస్సీ ర్యాంకులో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంటుంది, కాబట్టి అర్హత వచ్చిన తర్వాత కూడా మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాయడం దండగ కాదు. ఒకసారి అర్హత వస్తే అది జీవితకాలం చెల్లుతుంది కాబట్టి, డీఎస్సీ ఆలస్యమైనా ఈ కష్టం వృథా పోదు.

డిగ్రీ సంగతి. డీఎడ్ చేస్తే డిగ్రీ ఉండదన్నది అపోహ. డీఎడ్ అయిన వెంటనే రెగ్యులర్‌గా గానీ, అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా గానీ డిగ్రీ చదువుకోవచ్చు. డీఎస్సీ కోసం ఎదురుచూసే ఏళ్లు ఖాళీగా గడవకుండా ఉండడానికి ఇంతకంటే మంచి మార్గం నాకు తోచడం లేదు. ఎస్జీటీగా చేరినవారు డిగ్రీ, బీఎడ్ ఉంటే స్కూల్ అసిస్టెంట్‌గా పదోన్నతి పొందుతారు. పదోన్నతికి కూడా టెట్ ఉండి తీరాలని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది కాబట్టి, ముందుముందు పేపర్-2 కూడా రాయవలసి వస్తుంది. మేనమామగారి మాటలో నేను అంగీకరించలేనిది ‘ఏదో ఒక డిగ్రీ’ అన్న భాగం. స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు బీఎడ్‌లో తీసుకున్న మెథడాలజీ, అంటే బోధనా పద్ధతి సబ్జెక్టు, ఒక్కటే చాలదు. డిగ్రీలో చదివిన సబ్జెక్టులు కూడా ఆ పోస్టుకు సరిపోవాలి. మీది బైపీసీ కాబట్టి బోటనీ, జువాలజీ రెండూ ఉన్న డిగ్రీ బయాలజీ పోస్టుకు నిక్షేపంగా సరిపోతుంది. పేరు ఆకర్షణీయంగా ఉందనో, హాస్టల్ దగ్గరనో కొత్త కాంబినేషన్లలో చేరిపోయి, నోటిఫికేషన్ వచ్చాక తమ సబ్జెక్టు అర్హతల జాబితాలో లేదని తెలుసుకుని లబోదిబోమన్న వారి ఉత్తరాలు నాకు తరచుగా వస్తుంటాయి. డిగ్రీ ప్రవేశాల వెబ్‌సైట్ దోస్త్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టే రోజున గత డీఎస్సీ నోటిఫికేషన్‌లోని అర్హతల పట్టిక పక్కన పెట్టుకుని ఒక్కో సబ్జెక్టూ సరిచూసుకోండి.

ఒకవేళ మీ మనసు హైస్కూలు పిల్లల వైపు ఉంటే సలహా మారుతుంది. అప్పుడు డీఎడ్ అక్కర్లేదు. డిగ్రీ, బీఎడ్ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్, ఆ తర్వాత బీఎడ్ అన్నది ఒక దారి. ఇంటర్ తర్వాత నేరుగా నాలుగేళ్లలో డిగ్రీనీ బీఎడ్‌నూ కలిపి పూర్తిచేసే సమీకృత కోర్సు రెండో దారి. మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థ, వరంగల్ ఎన్‌ఐటీ వంటి చోట్ల ఆ కోర్సు ఉంది. దాని ప్రవేశ పరీక్ష ఎన్‌సెట్‌ను తెలుగులో కూడా రాయవచ్చు. 2025లో దానికి దరఖాస్తులు ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే తీసుకున్నారు కాబట్టి, ఇంటర్ ఫలితాల తర్వాత చూద్దామనుకునేవారికి తరచూ అందకుండా పోతుంది. గురుకులాల్లో పని చేయాలన్న ఆలోచన ఉన్నా బీఎడ్ దారే పట్టాలి.

నాన్నగారి విషయానికి వస్తాను, మీ ఉత్తరంలో అసలు బరువు అక్కడే ఉంది. ఆయన రెండో ఏడాది కోచింగ్ అడుగుతున్నది మీ మీద నమ్మకంతోనే కావచ్చు. మొదటి ఏడాది పెట్టిన డబ్బు వృథా అయిందని ఒప్పుకోలేక కూడా కావచ్చు. ఇంకో ఏడాది కూర్చుంటే ఆ అప్పు తీరదు, రెట్టింపవుతుంది. ఈ మాట మీరు ఏడుస్తూ చెప్తే ఆయనకు మీ ఏడుపే కనిపిస్తుంది. ఒక కాగితం తీసుకుని, ఒకవైపు లాంగ్‌టర్మ్ ఫీజు, హాస్టల్ ఖర్చు, మీ నీట్ మార్కులకూ మీ కేటగిరీలో కిందటిసారి సీటు వచ్చిన ఆఖరి మార్కుకూ ఉన్న తేడా రాయండి. రెండోవైపు డైట్ ఫీజు, డీఎడ్ అయ్యే సంవత్సరం, డిగ్రీ అయ్యే సంవత్సరం, ఈలోగా దగ్గరి ప్రైవేటు బడిలో చేరితే వచ్చే జీతం రాయండి. ఆ జీతం చాలా తక్కువ ఉంటుంది, ఉన్నదున్నట్టే రాయండి. డీఎస్సీ ఫలానా ఏడాది వస్తుందని మాత్రం రాయకండి, ఆయన మిమ్మల్ని మొదట పట్టుకునేది అక్కడే. అప్పు గురించి మీరే ముందుగా ఎత్తండి. ‘నా కోసం చేసిన అప్పు నాకు గుర్తుంది నాన్నా, ట్యూషన్ డబ్బులతో ఇప్పటినుంచే కొంత ఇస్తాను’ అంటే ఆ డబ్బు ఎంతన్నది ఆయన లెక్కచేయరు. కూతురు పారిపోవడం లేదని ఆయనకు అర్థమవుతుంది. ఆ రోజు మేనమామగారిని కూడా పిలవండి. డీఎడ్ విషయంలో ఆయన మీ పక్షాన లేకపోయినా టీచర్ ఉద్యోగం విషయంలో ఉన్నారు. బీఎడ్ గురించి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సంగతి ఆయనకు ముందురోజే విడిగా చెప్పండి, అందరి ముందూ ఆయన మాట తప్పని తేలితే ఆయనా నాన్నగారి వైపు వెళ్లిపోవచ్చు.

అమ్మగారి దిగులుకు జవాబు పైన చెప్పిన డిగ్రీలోనే ఉంది. డీఎడ్ తర్వాత డిగ్రీ కూడా చదువుతానని ఆమెకు మాటివ్వండి, ఆ మాట నిలుపుకోండి. సంబంధాల గురించి ఇప్పుడే వాదన పెట్టుకోవద్దు.

ఈ మాటలన్నీ ఇంట్లో మొదలుపెట్టకముందే ఒక పని చేయండి. మీకు దగ్గరలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయులను కలిసి, బడి నడుస్తున్న రోజుల్లో ఒక వారం తరగతిలో వెనుక కూర్చోనివ్వమని అడగండి. ట్యూషన్‌లో మీ దగ్గర కూర్చున్న పిల్లలు కొద్దిమంది. అక్కడ ఒకరిద్దరు టీచర్లు అయిదు తరగతులనూ నడుపుతూ, ఒక తరగతికి ఎక్కాలు అప్పగించి మరో తరగతికి పాఠం చెప్తూ, మధ్యాహ్న భోజనం లెక్కలూ ఆన్‌లైన్ హాజరూ చూసుకుంటారు. అది చూశాక కూడా మీ మనసు మారకపోతే డీఈఈసెట్ దరఖాస్తు నింపండి. ఇంటర్‌లో కనీసం 50 శాతం మార్కులు ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకు కొంత సడలింపు ఉంటుంది. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు మీరు చదివిన బడుల నుంచి స్టడీ సర్టిఫికెట్లు కూడా ఈ సెలవుల్లోనే తెచ్చుకోండి. డీఎస్సీ పోస్టులు జిల్లాల వారీగా ఉంటాయి, ఆ ఏడేళ్లలో కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివారన్న దాన్ని బట్టే మిమ్మల్ని ఏ జిల్లా స్థానికురాలిగా లెక్కిస్తారో తేలుతుంది. మీరు చదివిన ప్రైవేటు బడుల్లో ఏదైనా మూతపడి ఉంటే, దాని రికార్డుల కోసం మండల విద్యాధికారి కార్యాలయంలో ఇప్పుడే అడిగి పెట్టండి.