పాఠకుల ప్రశ్నలు – జవాబులు: కథలోని అభిమానులు, సంతలోని బొమ్మలు

అనేక చిత్రాలు ఒకే కథాలోకంలో అల్లుకొని నడిచే సూపర్‌హీరో సినిమాల గురించీ, ఆ వీరుల పేరుతో అమ్ముడయ్యే వస్తువుల గురించీ గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాలకు ఈ నెల శీర్షికను కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మార్వెల్ అనే అమెరికా సంస్థ చిత్రాలలో పాత్రలే ఇతర వీరుల బొమ్మలు కొనుక్కోవడం, వాళ్ల ముసుగులు తగిలించుకోవడం, గోడలకు పోస్టర్లు అంటించుకోవడం కనిపిస్తుంది. మనచేత ఆ సరుకు కొనిపించడానికే అలా చూపిస్తారా, కథకు కూడా దానితో అవసరం ఉందా?
– డిగ్రీ విద్యార్థిని, బరంపురం

జవాబు: అమ్మకాల ఆశ లేదని చెప్పలేను. అయితే ఒకే లోకంలో జరిగే ఇరవై ముప్పై కథలను నడిపేవారికి వ్యాపారంతో సంబంధం లేని చిక్కు ఒకటి ఎదురవుతుంది. ఒక చిత్రంలో ఒక మహానగరం నాశనమైన తరువాత, మరో చిత్రం వేరే ఊళ్లో, వేరే మనుషుల మధ్య మొదలైతే, ఆ మనుషులకు ఆ విధ్వంసం సంగతి తెలుసునా, దాన్ని ఆపినవారిని వాళ్లు దేవుళ్లుగా చూస్తున్నారా, దోషులుగా చూస్తున్నారా అన్నది ప్రేక్షకుడికి చెప్పవలసి ఉంటుంది. సంభాషణలలో చెబితే సాగదీసినట్లయ్యే ఆ విషయాన్ని ఒక పిల్లవాడి పుస్తకాల సంచి మీది బొమ్మ క్షణంలో చెప్పగలదు. కథలోని సరుకును నేను సామాన్య ప్రజల వాంగ్మూలంగా చూస్తాను.

2010లో వచ్చిన రెండవ ఐరన్ మ్యాన్ చిత్రంలో ఐరన్ మ్యాన్ ముసుగు వేసుకున్న ఒక పసివాడు, చేతికి ఆటబొమ్మ తొడుగుతో, తనకు గురిపెట్టిన యంత్రసైనికుడి ఎదుట చెయ్యెత్తి నిలబడతాడు. ఆ తర్వాతి సంవత్సరం వచ్చిన మొదటి కెప్టెన్ అమెరికా చిత్రం ఇంకా లోతుకు వెళ్లింది. అందులో కెప్టెన్ అమెరికా అయిన స్టీవ్ రోజర్స్ యుద్ధభూమిలో అడుగు పెట్టకముందే రంగుల దుస్తులు తొడుక్కొని వేదికలెక్కి యుద్ధ బాండ్లు అమ్ముతాడు. అతని పేరుతో బొమ్మల కథల పుస్తకాలు అచ్చవుతాయి. తీరా ఇటలీలో అసలైన సైనికుల ముందుకు వెళ్లేసరికి వాళ్లు అతన్ని ఎగతాళి చేసి వేదిక దిగమంటారు. వీరుడు తయారుకాకముందే వీరుడి సరుకు తయారైపోయిందన్న ఆ అవమానం నుంచే అతని అసలు పోరాటం మొదలవుతుంది. అవెంజర్స్ అనే వీరుల జట్టు కథగా 2012లో వచ్చిన చిత్రంలో కోల్సన్ అనే అధికారి కెప్టెన్ అమెరికా బొమ్మలున్న పాత కార్డులను అపురూపంగా దాచుకుంటాడు. అతను చనిపోయాక, పైఅధికారి ఫ్యూరీ ఆ కార్డులను రక్తంతో తడిపి వీరుల ముందు పడేసి వాళ్లను ఒక్కటి చేస్తాడు. ఆ కార్డులు కోల్సన్ జేబులో లేవని, అతని అలమారులోనే ఉన్నాయని తర్వాత మనకు తెలుస్తుంది. ఒక అభిమాని ప్రేమను మరొకరు ఎంత సమర్థంగా వాడుకోగలరో ఆ ఒక్క దృశ్యం చూపిస్తుంది.

సరుకు ఎప్పుడూ ప్రేమకే గుర్తుగా ఉండదు. 2017లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ హోమ్‌కమింగ్ చిత్రంలో దొంగలు అవెంజర్స్ ముసుగులు తగిలించుకొని ఏటీఎంను దోచుకుంటారు. 2021 నాటి హాక్‌ఐ ధారావాహికలో, సగం ప్రాణికోటిని తుడిచిపెట్టిన థానోస్ చేసిందే సరైనదన్న రాత మరుగుదొడ్డి గోడ మీద కనిపిస్తుంది. అదే ధారావాహికలో కెప్టెన్ అమెరికా జీవితాన్ని ఆటపాటలతో ఒక నాటకశాలలో ప్రదర్శిస్తుంటారు. 2012 నాటి చిత్రంలోని న్యూయార్క్ యుద్ధంలో నిజంగా పోరాడిన క్లింట్ బార్టన్, అంటే హాక్‌ఐ, తన పిల్లలతో కలిసి ఆ నాటకం చూడడానికి వస్తాడు. ఆ యుద్ధంలో లేని యాంట్ మ్యాన్‌ను అక్కడ ఉన్నట్లు చూపిస్తున్నారు. ఆ తర్వాతి రోజుల్లో ప్రాణత్యాగం చేసిన అతని స్నేహితురాలు నటాషా, అంటే బ్లాక్ విడో, పాత్రలో ఎవరో నటి గంతులు వేస్తూ ఉంటుంది. అతడు తన వినికిడి యంత్రాన్ని ఆపుకొని, కాసేపటికి బయటకు వచ్చేస్తాడు. చుట్టూ ఉన్న జనం మాత్రం ఆనందంగా చప్పట్లు కొడుతుంటారు. వాళ్లను నేను తప్పుపట్టను, ఎందుకంటే వాళ్లకు అందింది ఆ పాట మాత్రమే. ఈ అంశం మీద ఇప్పటివరకు వచ్చిన దృశ్యాలలో ఇంతకన్నా నిజాయతీ గలది నాకు కనిపించలేదు.

డీసీ సంస్థ కథలలో చూడదలచుకుంటే 2019లో వచ్చిన షజామ్ చిత్రాన్ని చూడండి. చేతికర్ర సాయంతో నడిచే ఫ్రెడ్డీ అనే అనాథ బాలుడు సూపర్‌మ్యాన్ ఒంటికి తగిలి నలిగిపోయిన తూటాను ప్రాణంలా దాచుకుంటాడు. అతని స్నేహితుడికి అకస్మాత్తుగా శక్తులు వచ్చినప్పుడు, ఎగరడం వచ్చిందా, తూటా తగిలితే ఏమవుతుంది అని వరుసగా పరీక్షించేది ఈ అభిమానే. ఏళ్ల తరబడి పోగుచేసుకున్న అతని పరిజ్ఞానానికి ఆ కథలో పూర్తి గౌరవం దక్కుతుంది.

ప్రశ్న: మా ఏడేళ్ల అబ్బాయికి చైత్ర జాతరలో ఒక డాలు, ముసుగు కొన్నాను. వారం తిరగకుండానే రంగు ఊడి వాడి చేతులకు అంటుకుంటోంది. అమ్మిన వ్యక్తి మాత్రం అసలైన కంపెనీ సరుకే అన్నాడు. నమ్మవచ్చునా?
– ఒక తల్లి, రాయగడ

జవాబు: వెంటనే ఆ రెండింటినీ పిల్లవాడికి అందకుండా తీసేయండమ్మా. ఊడుతున్న రంగులో సీసం వంటి హానికర పదార్థాలు ఉన్నాయో లేవో ఇంట్లో తేల్చుకోవడం కుదరదు, ఆ వయసు పిల్లలు చేతులు నోట్లో పెట్టుకోకుండా ఉండరు.

ఇక అసలు, నకిలీ అన్న మాటలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతున్నాయి. వీరుడి బొమ్మ వాడుకోవడానికి చిత్రసంస్థ ఇచ్చే అనుమతి ఒకటి, పిల్లల చేతికి ఇవ్వదగినదని తేల్చే భద్రతా ప్రమాణం మరొకటి. మీరు మొదట చూడవలసింది రెండవదాన్ని. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్లలోపు పిల్లల ఆటవస్తువులకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఆ గుర్తు దగ్గర సీఎం/ఎల్ అన్న అక్షరాలతో మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉంటుంది; దాన్ని భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ అనే యాప్‌లో నమోదు చేస్తే తయారీదారు ఎవరో, లైసెన్సు చెల్లుబాటులో ఉందో లేదో తెలుస్తుంది. హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు చేసే బొమ్మలకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది కనుక, చేతిపని బొమ్మ మీద ఐఎస్ఐ గుర్తు లేనంత మాత్రాన దాన్ని అనుమానించవలసిన పని లేదు. అచ్చులో పోసిన ప్లాస్టిక్ ముసుగుకు మాత్రం ఆ గుర్తు లేకపోతే, దాని మీద ఎంత పెద్ద సంస్థ పేరు ఉన్నా కొనవద్దు.

నకిలీ సరుకు బెడద ఆ కథాలోకంలోనూ ఉంది. 2022 నాటి షీ-హల్క్ ధారావాహికలో అవెంజర్స్ పేరులో ఒక అక్షరం మార్చి అవోంజర్స్ అని ముద్రించిన చొక్కాలు అమ్ముతుంటారు. షీ-హల్క్ అన్న పేరునే వేరే స్త్రీ తన వ్యాపారచిహ్నంగా నమోదు చేయించుకొని అలంకరణ సామగ్రి అమ్ముకుంటుంటే, ఆ పేరు తనదేనని నిరూపించుకోవడానికి ఆ వీరనారి కోర్టుకు వెళ్లవలసి వస్తుంది.

ప్రశ్న: మాది నేతపని చేసుకునే కుటుంబం. మా ఊళ్లో రెండేళ్లకొకసారి జరిగే బుఢీ ఠాకురాణి యాత్రలో మా ఇంటి పిల్లలు మొక్కు వేషాలు వేయడం ఆనవాయితీ. ఈసారి మనవడు స్పైడర్‌మ్యాన్ వేషం కావాలని, దాన్ని ఆన్‌లైన్లో తెప్పించమని పట్టుపడుతున్నాడు. కాదంటే అలుగుతున్నాడు. ఏమి చేయమంటారు?
– ఒక తాతగారు, బరంపురం

జవాబు: తాతగారూ, మీ మనవడి కోరికను నేను చిన్నచూపు చూడను. ఒక కథను ప్రేమించినవాడు ఆ కథలోని మనిషిగా నలుగురిలోకి రావాలనుకోవడం సహజం. అయినా మొక్కు వేషం అమ్మవారికి చెల్లించవలసినది; దాన్ని మార్చే హక్కు వేసుకునేవాడి ఇష్టానికి లేదని నా అభిప్రాయం. యాత్రలో మొక్కు వేషమే వేయించండి, స్పైడర్‌మ్యాన్ దుస్తులకు పుట్టినరోజో బడి వార్షికోత్సవమో చూడండి.

ఆ దుస్తులను మాత్రం కొనవద్దని, ఇంట్లోనే కుట్టమని నా సలహా. 2022లో వచ్చిన మిస్ మార్వెల్ ధారావాహికలో కమలా ఖాన్ అనే పదహారేళ్ల అమ్మాయి ఉంటుంది. జెర్సీ సిటీలో స్థిరపడిన పాకిస్తానీ కుటుంబం ఆమెది. కెప్టెన్ మార్వెల్ అనే వీరనారి అంటే ఆమెకు పిచ్చి అభిమానం. అవెంజర్‌కాన్ అనే అభిమానుల ఉత్సవానికి వెళ్లాలని ఆమె అడిగితే, తల్లి హల్క్ అనే ఆకుపచ్చ వీరుడి రంగులో సల్వార్ కమీజు కుట్టి, తండ్రి ఒంటికి ఆకుపచ్చ రంగు పూసుకొని, తండ్రీకూతుళ్లిద్దరూ కలిసి వెళ్లవచ్చునని ఉత్సాహంగా చెబుతారు. ఆ అమ్మాయి సిగ్గుపడి విసుక్కుంటుంది. ఆ పెద్దవాళ్ల ముఖాలు వాడిపోతాయి. కానీ కథ చివరికి వచ్చేసరికి కమలకు తన సొంత వీర వేషాన్ని కుట్టి ఇచ్చేది ఆ తల్లే. పిల్లలకు నచ్చినదేమిటో ముందుగా అడిగి తెలుసుకోవడంలోనే ఆ రెండు సందర్భాలకు తేడా ఉంది. మీ ఇంట్లో దారం గురించి, రంగు గురించి తరతరాల పరిజ్ఞానం ఉంది. ఆ ఎరుపు ఎలాంటి ఎరుపో, సాలెగూడు గీతలు ఎక్కడ కలవాలో వాడినే చెప్పనివ్వండి, వాడి ఎదుటే పని చేయండి.

ప్రశ్న: ఎక్స్-మెన్ పాత్రలు మనుషులా కాదా అన్న విషయం మీద అమెరికాలో కోర్టు తీర్పు వచ్చిందని మిత్రులు చెబుతున్నారు. నిజమేనా?
– న్యాయవాది, గుణుపురం

జవాబు: నిజమే. ఆ కాలపు అమెరికా సుంకాల పట్టికలో మనిషి రూపాన్ని చూపే బొమ్మలకు 12 శాతం, ఇతర ఆటవస్తువులకు 6.8 శాతం దిగుమతి సుంకం ఉండేది. మార్వెల్‌కు చెందిన టాయ్ బిజ్ సంస్థ తన బొమ్మలు మనుషులవి కావని వాదించింది. అమెరికాలోని అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానం 2003లో ఆ వాదనతో ఏకీభవించింది. మార్పు చెందిన దేహాలతో పుట్టినవారు కూడా మనుషులేనని దశాబ్దాలుగా చెబుతూ వచ్చిన కథ ఎక్స్-మెన్‌ది. ఆ కథ యజమానులే సుంకం తగ్గించుకోవడానికి దానికి విరుద్ధంగా నిలబడ్డారని అభిమానులు బాధపడ్డారు, ఆ బాధ న్యాయమైనదే.

ప్రశ్న: తెలుగులో కూడా ఇప్పుడు ఒకే లోకపు చిత్రాలు వస్తున్నాయి కదా, మన వీరుల బొమ్మలు పిల్లల చేతుల్లో ఎందుకు అంతగా కనిపించవు?
– ఇంజనీరింగ్ విద్యార్థి, జయపురం

జవాబు: మన అభిమానం నటుడి మీద నిలబడింది. కటౌట్లు, పాలాభిషేకాలు, తలపాగాలు, జెండాలు అన్నీ ఆయన కోసమే; పాత్ర మారినా ఆ అభిమానం మారదు. బొమ్మ అమ్ముడుపోవాలంటే పాత్రకు నటుడితో సంబంధం లేని ఆయుష్షు ఉండాలి. మార్వెల్‌లో 2008లో ఎడ్వర్డ్ నార్టన్ చేసిన హల్క్ పాత్రను 2012 నాటికి మార్క్ రఫలో చేశాడు, అయినా పిల్లల చేతిలోని ఆకుపచ్చ బొమ్మ మారవలసిన అవసరం రాలేదు. మన కథానాయకుడి పాత్రలో మరొకరు వస్తే మనం ఒప్పుకుంటామా అని మీకు మీరే వేసుకొని చూడవలసిన ప్రశ్న.

మార్పు మొదలైంది. 2024 జూన్ 27న విడుదలైన కల్కి 2898 ఏడీ చిత్రంలో బుజ్జి అనే వాహనానికి కీర్తి సురేశ్ గొంతు ఇచ్చారు. చిత్రం విడుదలకు ముందే ఆ వాహనాన్ని నిజంగా తయారు చేయించి నగరాలలో తిప్పారు, దాని మీద యానిమేషన్ కథ కూడా తెచ్చారు. ముఖం లేని వాహనమే అందులో ఒక పాత్ర కనుక పిల్లలు దానితో ఏ నటుడి ప్రస్తావనా లేకుండా ఆడుకోగలరు. అదే సంవత్సరం జనవరి 12న వచ్చిన హను-మాన్ చిత్రంలో అభిమాని పాత్ర ఇంకొక విధంగా కనిపిస్తుంది. అందులో ప్రతినాయకుడు చిన్ననాటి నుంచి సూపర్‌హీరో కావాలన్న పిచ్చితో పెరిగినవాడు, ఆ పిచ్చిలో కన్న తల్లిదండ్రుల ప్రాణాలు తీసినవాడు. పెద్దయ్యాక యంత్రాలతో కుట్టించుకున్న దుస్తులతో ఆ కల నెరవేర్చుకోవాలని చూస్తాడు. అభిమానం సొంతదారుతనంగా మారితే ఏమవుతుందో మన భాషలోనే ఇంత స్పష్టంగా చూపిన చిత్రం రావడం నాకు సంతోషం కలిగించింది. కానీ ఆ అంజనాద్రి ఊరి పిల్లలు హనుమంతుడి శక్తి పొందిన తమ ఊరి కుర్రవాడి వేషం కట్టి రేపు ఎలా ఆడుకుంటారో, అతని గద బొమ్మను ఎవరు చెక్కుతారో ముందు రాబోయే కథలు చూపించాలి. అప్పుడే ఆ లోకం మనది అవుతుంది.

ప్రశ్న: నాకు బ్లాక్ విడో అంటే ఇష్టం. మగ వీరుల బొమ్మలు ఎన్నో ఉంటాయి, ఆమె బొమ్మ మాత్రం దొరకదు. ఎందుకు?
– పదవ తరగతి విద్యార్థిని, పర్లాకిమిడి

జవాబు: తల్లీ, ఈ లోటు నీ ఒక్కదానికే అనిపించింది కాదు. 2015లో వచ్చిన ఏజ్ ఆఫ్ అల్ట్రాన్ చిత్రంలో విమానంలో నుంచి మోటారు సైకిల్ మీద దూకేది బ్లాక్ విడో. ఆ దృశ్యం ఆధారంగా చేసిన ఆటవస్తువులో మాత్రం ఆ బండి మీద కెప్టెన్ అమెరికాను కూర్చోబెట్టారు. అభిమానులు గట్టిగా నిలదీశారు. 2013 నాటి మూడవ ఐరన్ మ్యాన్ చిత్రంలో ప్రతినాయకిగా రాసుకున్న స్త్రీ పాత్రను, ఆడబొమ్మ అమ్ముడుపోదన్న కారణంతో పురుష పాత్రగా మార్చవలసి వచ్చిందని దర్శకుడు షేన్ బ్లాక్ 2016లో చెప్పాడు. అంటే బొమ్మల లెక్కలు కథనే మార్చాయి. 2010లో తెరమీదకు వచ్చిన నటాషాకు సొంత చిత్రం దక్కడానికి 2021 వరకు ఆగవలసి వచ్చింది, అప్పటికే కథలో ఆమె మరణించింది కూడా.

అమ్మితే ఎవరూ కొనరని ముందే తీర్మానించి తయారు చేయకపోవడం, తయారు చేయలేదు కనుక ఎవరూ కొనలేదని చెప్పడం, ఈ రెండింటి మధ్య నీ వంటి పిల్లలు చిక్కుకున్నారు. ఇప్పుడు పరిస్థితి కొంత మెరుగుపడింది. ఆమె బొమ్మలు, కెప్టెన్ మార్వెల్ బొమ్మలు, కమలా ఖాన్ బొమ్మలు తయారవుతున్నాయి. మీ ఊరి దుకాణంలో లేకపోతే ఫలానా బొమ్మ కావాలని పేరు పెట్టి అడుగు, తోటి విద్యార్థినుల చేత కూడా అడిగించు, ఎందుకంటే దుకాణదారు సరుకు తెప్పించేది అడిగినవారిని బట్టే. ఉత్తరంతో పాటు నువ్వు గీసి పంపిన బ్లాక్ విడో చిత్రం చక్కగా ఉంది, వచ్చే సంచికలో పిల్లల పేజీలో అచ్చు వేస్తున్నాం.