బార్ పరీక్ష మార్చమని అడగబోతున్న జూనియర్‌కి

అమ్మాయీ,

లా చదివినవాళ్లు వకీళ్లుగా ప్రాక్టీసు చేయాలంటే పాసవ్వాల్సిన బార్ పరీక్షను మార్చమని, దాన్ని పెట్టే బార్ కౌన్సిల్‌కి పంపుదామని నువ్వు రాసిన వినతిపత్రం రెండుసార్లు చదివాను. పద్నాలుగు పేజీలు! మొదటి మూడూ కొట్టేశాను, కోపం తెచ్చుకోకు. 'వృత్తి ప్రమాణాలు దిగజారిపోయాయి' అని మొదలైన కాగితాన్ని ఎవరూ చివరిదాకా చదవరు. నేను వకీలుగా సనదు తీసుకున్న రోజున కూడా మా సీనియర్లు ఇదే మాట అంటున్నారు.

పరీక్షను 'కఠినతరం చేయాలి' అన్న మాట కూడా తీసెయ్. ఆ పని ఎప్పుడో చేశారు. పాస్ మార్కు 40 శాతం నుంచి 45కి పెంచారు. మొదట్లో పుస్తకాలు, నోట్సు తీసుకెళ్లనిచ్చి, తర్వాత నోట్సు లేని బేర్ యాక్టులు, అంటే వ్యాఖ్యానం లేకుండా చట్టం మాత్రమే ఉన్న పుస్తకాలు, చాలన్నారు. అయినా అడిగే తీరు మారలేదు. 19 విభాగాలు, 100 ప్రశ్నలు, నాలుగింట్లో ఒకటి ఎంచుకోవడం, తప్పుకి కోత లేదు. ఎంత కష్టంగా అడుగుతున్నారన్నది వదిలేసి, ఏం అడుగుతున్నారో అది పట్టుకో.

ఉదాహరణ ఇవ్వకపోతే ఇది ఎవరికీ ఎక్కదు. ప్రోనోటు బాకీకి దావా గడువెంత అంటే, మూడేళ్లని ఏ విద్యార్థయినా టిక్కు పెడతాడు. అదే ఒక ప్రోనోటు నకలు చేతికివ్వమను. వెనక రెండు చెల్లులు, అంటే బాకీలో కొంత కట్టినట్టు రాతలు. మొదటిది గడువు లోపల, బాకీదారు సంతకంతో. రెండోది మొదటి చెల్లు నుంచి మూడేళ్లు నిండి పది రోజులయ్యాక. పార్టీ, అంటే మన కక్షిదారు, ఎదురుగా కూర్చుని, 'రెండు చెల్లులున్నాయి కదండీ, దావా వేసేయండి' అంటున్నాడు. దావా నిలుస్తుందా? నిలవకపోతే ఆ సంగతి ఆయనకి ఎలా చెబుతావు? ఒక పేజీలో రాయమను. గడువు లోపల పడిన చెల్లుతోనే గడువు మళ్లీ మొదలవుతుందనే లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ పక్కన పెట్టుకోనీ, మనమూ పక్కన పెట్టుకునే కదా చూస్తాం. కాగితం తిరగేసి చూడాలన్న బుద్ధి ఉందో లేదో టిక్కు ప్రశ్నలో బయటపడదు. నా దగ్గరికొచ్చిన ర్యాంకర్లలో ముందువైపు మాత్రమే చదివి ప్లెయింట్ (దావా పత్రం) రాసేసినవాళ్లున్నారు. (నువ్వు కాదులే.)

వృత్తి ధర్మానికి 100లో 4 ప్రశ్నలు. కంపెనీ లా రెండు, సైబర్ లా రెండు కలిపితే అంతే. నువ్వు దీనికి ఒక్క వాక్యం ఇచ్చావు, నేనైతే ఒక పేజీ ఇస్తాను. కొత్తవాళ్లు పరువు పోగొట్టుకునేది ఇక్కడే. నా మొదటి ఏడాది, పార్టీ ఇచ్చిన కోర్టు ఫీజు డబ్బు నా జేబు డబ్బుతో కలిసిపోయింది. స్టాంపులు కొనే రోజున చాలక గుమస్తా దగ్గర చేబదులు తీసుకున్నాను. కాజేద్దామన్న ఆలోచనేం లేదు, వేరే పెట్టాలని నాకెవరూ చెప్పలేదు, అంతే. దీన్నే ప్రశ్నగా ఇవ్వొచ్చు. వాయిదా తేదీ తప్పు రాసుకుని, మనం హాజరు కాలేదని కేసు డిఫాల్ట్‌లో పోతే పార్టీకి ఏమని చెప్పాలి? అదీ ఇవ్వొచ్చు.

చరిత్ర క్లుప్తంగా చెప్పు, కానీ సరిగ్గా చెప్పు. పరీక్ష ఆలోచన 2010లో పుట్టిందని రాశావు. 1961 అడ్వకేట్స్ చట్టంలోనే శిక్షణ, దాని తర్వాత పరీక్ష ఉండేవి. 1973 సవరణతో తీసేశారు. 1995లో కౌన్సిల్ ఏడాది శిక్షణ పెడితే 1999లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇప్పటి పరీక్ష 2011 మార్చిలో మొదలైంది. 2023 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, పరీక్ష పెట్టే అధికారం కౌన్సిల్‌కి ఉందని తేల్చింది. కాబట్టి అధికారం మీద నీ అయిదో పేజీ వాదన వృథా. చివరి సెమిస్టరు వాళ్లను రాయనివ్వాలన్న మాటా ఆ తీర్పులోనే ఉంది. నువ్వు గమనించనిది ఒకటుంది. 1999 తీర్పు నిలవదని కూడా ఆ ధర్మాసనం చెప్పింది. శిక్షణకు అడ్డుగా ఉన్నదే పోయింది గనక, సీనియర్ దగ్గర ఆరు నెలలు ఉండాలని అడగడానికి ఇప్పుడు దారుంది. ఆ ఆరు నెలలూ జూనియర్ ఏం తిని బతకాలో కూడా రాయి మరి.

ఫీజు సంగతి రెండు ముక్కల్లో తేల్చు. ఎన్‌రోల్‌మెంటుకి, అంటే వకీలుగా పేరు నమోదుకి, చట్టంలో ఉన్న 750 రూపాయలు దాటి తీసుకోకూడదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. పరీక్ష ఫీజు దానికి నాలుగింతల పైమాటే.

'ఇన్ని వేలమంది రాతలు ఎవరు దిద్దుతారు?' అని ముందుగా అడుగుతారు. మొత్తం రాతపరీక్షే కావాలని పట్టుబట్టకు, ఇవ్వరు. డెబ్భై టిక్కు ప్రశ్నలు, రెండు రాత పనులు అడుగు. టిక్కులో గట్టెక్కినవాళ్ల రాతలే దిద్దితే సరిపోతుంది. రిటైరైన జిల్లా జడ్జీల చేత దిద్దించవచ్చు. తెలుగులో రాసినవాళ్ల కాగితాలు తెలుగు వచ్చినవాళ్లకే వెళ్లాలని మాత్రం స్పష్టంగా రాయి.

నాలుగు పేజీలకు కుదించి ఆదివారం తీసుకురా. నమూనా ప్రోనోటు నువ్వే తయారుచెయ్. రెండో చెల్లు తేదీ కాస్త మసగ్గా పడేలా చూడు, మన దగ్గరికి వచ్చే కాగితాలు అలాగే ఉంటాయి.