ధైర్యానికి మందు తర్వాత, ముందు ఆ నిద్రమాత్ర సంగతి చూద్దాం

ప్రశ్న: నా వయసు 47. చిన్న పట్టణంలో ప్రింటింగ్ ప్రెస్ నడుపుతున్నాను. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు వేస్తాం. ఇప్పుడు పెళ్లి పిలుపులన్నీ వాట్సాప్‌లోనే వెళ్లిపోతున్నాయి. ఆఫ్‌సెట్ మెషీన్ లోను వాయిదాలు రెండు ఆగాయి. బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది వేరే ఉంది. ఒక కాలేజీ ఎనిమిది నెలలుగా బిల్లు ఇవ్వడం లేదు. ఇంట్లో ఏదీ చెప్పలేదు. బావమరిదిని అడిగితే సర్దుతాడు. కానీ ఫోను చేతిలోకి తీసుకోగానే గొంతు ఎండిపోతుంది, గుండె దడదడలాడుతుంది. తెల్లవారుజామున ఛాతీ బరువుగా ఉంటే గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాను. నిద్ర కోసం మెడికల్ షాపు మిత్రుడు ఇచ్చిన అల్‌ప్రాజోలం ఐదు నెలలుగా వాడుతున్నాను. మొదట ఒకటి, ఇప్పుడు రెండు. అప్పుడప్పుడు రాత్రిపూట కాస్త మద్యం కూడా. నేను లేకపోతే ఇన్సూరెన్స్ సొమ్ముతో మా వాళ్లు గట్టెక్కుతారనిపిస్తుంది. నోరు తెరిచి సాయం అడిగే ధైర్యం రావడానికి ఏదైనా మందు ఉందా?
- ఒక పాఠకుడు

జవాబు: ఓపీ మధ్యలో రాస్తున్నాను, కాబట్టి మీరు అడిగిన వరుసలో కాకుండా నాకు భయం కలిగించిన వరుసలో చెబుతాను.

చివర్లో మాటవరసకన్నట్టు రాసిన ఇన్సూరెన్స్ వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆ ఆలోచన వచ్చి పోతోందా, రోజంతా పక్కనే కూర్చుంటోందా అన్నది నాకు ఉత్తరంలో తెలియదు. ఎదురుగా ఉంటే మొదట అదే అడిగేవాణ్ని. ఏదైనా సరే, ఈ రోజే ఒక మనిషికి చెప్పండి. మీ భార్యకు చెబితే మరీ మంచిది. ఆమెతో నోరు పెగలకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించింది, ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఆలోచన బలంగా ఉంటే ఒంటరిగా ఉండకండి, దగ్గరలోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి ఎవరినైనా వెంటబెట్టుకుని వెళ్లండి. ఇన్నేళ్లు ప్రెస్సు లెక్కలు చూసిన మనిషి ఈ ఒక్క లెక్కనూ నిద్రలేని రాత్రి, మాత్రల మత్తులో వేశారు. దాన్ని నమ్మకండి.

రెండోది ఛాతీ బరువు. నలభై ఏడేళ్ల మగవాడు తెల్లవారుజామున ఛాతీ బరువంటే ఏ డాక్టరూ గ్యాస్‌తో మొదలుపెట్టడు. మన దగ్గర గుండెజబ్బులు ఎన్నో ‘గ్యాస్ ట్రబుల్’ పేరుతోనే ఆసుపత్రికి వస్తాయి, కొన్ని ఆలస్యంగా వస్తాయి. మీది గుండె సమస్యేనని నేను అనడం లేదు, పరీక్షించకుండా అనలేను కూడా. ఆందోళనతోనూ ఇలాగే ఉండవచ్చు. కానీ అది తేల్చవలసింది మీరు కాదు, గ్యాస్ మాత్ర అంతకన్నా కాదు. ఈసీజీ, బీపీ, షుగరు, థైరాయిడ్ చూపించుకోండి. ఒక్క ఈసీజీ బాగుందని నిశ్చింతగా ఉండకండి, అవసరమైతే డాక్టరు ఇంకా పరీక్షలు రాస్తారు. బరువుతో పాటు చెమటలు పట్టినా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, ఆయాసం వచ్చినా తెల్లారేదాకా చూడవద్దు. 108కి ఫోన్ చేయండి.

ఇక అల్‌ప్రాజోలం. దీని దగ్గర కాస్త కోపంగానే ఆగుతాను, ఏమీ అనుకోకండి. వారానికి ఒకరైనా ఇదే మాత్రతో నా దగ్గరికి వస్తారు, అందరికీ మెడికల్ షాపులో ఒక మిత్రుడు ఉంటాడు. ఈ మందు షెడ్యూల్ హెచ్1 అనే నియంత్రిత మందుల జాబితాలో ఉంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మినప్పుడు రాసిన డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో ఎక్కించి మూడేళ్లు దాచాలి. మీ మిత్రుడు ఏ డాక్టరు పేరు రాస్తున్నాడో నాకూ తెలుసుకోవాలని ఉంది.

ఒకటి రెండు అయిందంటే మీకు ధైర్యం తగ్గిందని కాదు, ఒంటికి మాత్ర అలవాటైంది. అసలు చిక్కు ఇంకొకటి. దీని ప్రభావం ఎక్కువసేపు నిలవదు. రాత్రి వేసుకున్నది తెల్లవారేసరికి దిగిపోతూ, అణిచిపెట్టిన ఆందోళనను తిరగదోడుతుంది. తెల్లవారుజామున మీకు అనిపిస్తున్నదాంట్లో కొంత ఈ మాత్ర పనే కావచ్చు. మద్యంతో కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం మీదికి వస్తుంది, కాబట్టి ఈ రాత్రి నుంచే మద్యం ఆపండి. రోజూ తాగే అలవాటుంటే మాత్రం దాన్నీ డాక్టరుకు చెప్పి ఆపాలి. ఇది చదివి పౌరుషంతో మాత్రలన్నీ చెత్తబుట్టలో వేయకండి. ఐదు నెలలు వాడినదాన్ని ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. కొద్దికొద్దిగా తగ్గించాలి, ఎంత, ఎన్ని వారాల్లో అన్నది మిమ్మల్ని చూసిన డాక్టరు నిర్ణయిస్తారు. నేను ఇక్కడ మోతాదు రాయను, పక్క ఇంటివాళ్లు కూడా పాటిస్తారు.

మీ ప్రశ్నకు వస్తే, అలాంటి మందు లేదు. డిప్రెషన్ ఉందని తేలితే దానికి మంచి మందులున్నాయి, పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. అది తగ్గితే నోరు దానంతటదే పెగలవచ్చు. దడ తగ్గిస్తుందని ఎవరైనా ప్రొప్రనలాల్ చేతిలో పెడితే తీసుకోకండి, ఆస్తమా ఉన్నవాళ్లకు అది ప్రమాదం. మీ ఉత్తరం రెండోసారి చదివితే ఇంకో సంగతి కనిపించింది. మీకు సాయం అడగడం రాదని మీరు అనుకుంటున్నారు. ఐదు నెలలుగా అడుగుతూనే ఉన్నారు కదా, మందుల షాపు బల్ల ముందు నిలబడి! అక్కడ సిగ్గు వేయలేదు, ఎందుకంటే అక్కడ కారణం చెప్పనక్కర్లేదు.

అప్పుల సంగతి నా శాఖ కాదు. అయితే బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరైన నా రోగి ఒకాయన చెప్పినవి రెండు చెబుతాను, బ్యాంకులో నిర్ధారించుకోండి. వాయిదా ముప్పై రోజులు దాటితే ఒక మెట్టు, అరవై దాటితే ఇంకో మెట్టు, తొంభై దాటితే మొండి బాకీ. మీరు రెండో మెట్టు దరిదాపుల్లో ఉన్నట్టున్నారు. చిన్న పరిశ్రమలను నిలబెట్టడానికి రిజర్వ్ బ్యాంకు 2016లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఖాతా చెడిపోక ముందే యజమాని తానుగా బ్యాంకుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంటే అడగడం మీ హక్కు, బిచ్చం కాదు. కాలేజీ బిల్లు మాట, 2006 చిన్న పరిశ్రమల చట్టం కొనుగోలుదారుకు ఇచ్చే గడువు గరిష్ఠంగా 45 రోజులు. మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) ఉంటే జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. బావమరిది సంగతి భార్యకు వదిలేయండి, ఆమె తమ్ముడో అన్నో కదా. ఆమెకు తెలియకుండా ఆయనకు ఫోన్ చేయబోవడం వల్లనే మీ గొంతు ఎండిపోతోందేమో. ఇది వైద్యం కాదు, నా ఊహ.

ఇది ఉత్తరం చదివి ఇచ్చిన సలహా మాత్రమే, పరీక్షకు బదులు కాదు. రేపు ఉదయం దగ్గరలోని ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి, ఆయన అవసరమనుకుంటే మానసిక వైద్యుడి దగ్గరికి పంపుతారు. వెళ్లేటప్పుడు మిగిలిన మాత్రల అట్ట, ఆ గ్యాస్ మాత్రల అట్ట రెండూ తీసుకువెళ్లండి. ఎన్ని వేసుకుంటున్నారో తగ్గించి చెప్పకండి. భార్యను బయట బెంచీ మీద కూర్చోబెట్టకుండా లోపలికి తీసుకువెళ్లండి.