టెక్ సందేహాలు: బ్యాటరీతో నడిచే గిటార్ యాంప్

ప్రశ్న: ఎలక్ట్రిక్ గిటార్ సాధన కోసం చిన్న యాంప్ నేనే చేసుకుందామని ఎల్‌ఎం386 అనే ఆడియో యాంప్లిఫయర్ చిప్, 9 వోల్టుల బ్యాటరీ, 8 ఓమ్‌ల స్పీకర్‌తో బ్రెడ్‌బోర్డ్ మీద కట్టాను. మోగుతోంది కానీ, గిటార్‌కి దుప్పటి కప్పినట్టు మందంగా వినిపిస్తోంది. చిప్ మార్చాలా? బోర్డు మీద సోల్డర్ చేసేముందు ఏమేం సరిచూసుకోవాలి?

జవాబు: చిప్ మార్చొద్దు. గిటార్‌కీ చిప్‌కీ నడుమ ఉండాల్సిన మెట్టు ఒకటి మీ సర్క్యూట్‌లో లేదు, అంతే. పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు తిప్పిన సన్నని తీగ. దాని ముందు 1 మెగాఓమ్ దాకా రెసిస్టెన్స్ ఉంటేనే అందులోంచి పైస్వరాల మెరుపు చెక్కుచెదరకుండా బయటికి వస్తుంది. ఎల్‌ఎం386 ఇన్‌పుట్ రెసిస్టెన్స్ 50 కిలో ఓమ్‌లే. దాని ముందు 10 కిలో ఓమ్‌ల వాల్యూమ్ పాట్ (నాబ్ తిప్పి మార్చుకునే రెసిస్టర్) పెట్టారంటే పికప్ మీద భారం ఇంకా పెరుగుతుంది. అప్పుడు మొదట పోయేది ఆ మెరుపే. పోయాక టోన్ కంట్రోల్ ఎంత తిప్పినా తిరిగి రాదు.

దీనికి ఒక్క జేఫెట్‌తో (ఒక రకం ట్రాన్సిస్టర్) బఫర్, అంటే పికప్‌కీ చిప్‌కీ నడుమ ఉండే ఆ మెట్టు, కడితే చాలు. ఎంపీఎఫ్102 తీసుకోండి. దానికి డ్రెయిన్, సోర్స్, గేట్ అని మూడు కాళ్లు. డ్రెయిన్‌ను నేరుగా బ్యాటరీ ప్లస్‌కి కలపండి. సోర్స్ నుంచి గ్రౌండ్‌కి 3.9 కిలో ఓమ్‌లు, గేట్ నుంచి గ్రౌండ్‌కి 1 మెగాఓమ్ వేయండి. గిటార్ జాక్ నుంచి 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ మీదుగా సిగ్నల్‌ను గేట్‌కి ఇవ్వండి. ఈ మెట్టు శబ్దాన్ని పెంచదు, పికప్ మీద భారం మాత్రం తీసేస్తుంది. జే201 వాడినా పనిచేస్తుంది కానీ దాని సోర్స్ దగ్గర వోల్టేజ్ తక్కువగా నిలుస్తుంది కాబట్టి, గట్టిగా మీటినప్పుడు సిగ్నల్ అక్కడే నలగొచ్చు. జేఫెట్లలో కాళ్ల వరుస అన్నిటికీ ఒకేలా ఉండదు. మీ చేతిలో ఉన్న నంబర్ డేటాషీట్ చూసే పెట్టండి.

సోర్స్ నుంచి వాల్యూమ్ పాట్‌కి వెళ్లే కెపాసిటర్ విలువ మీద కాస్త ఆలోచించాలి. చాలా సర్క్యూట్ బొమ్మల్లో ఇక్కడ 0.047 మైక్రోఫారడ్ కనిపిస్తుంది. 10 కిలో ఓమ్‌ల పాట్‌తో కలిస్తే అది సుమారు 340 హెర్ట్జ్ నుంచే కిందిస్వరాలను తగ్గించడం మొదలుపెడుతుంది. గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. మూడంగుళాల స్పీకర్ ఆ లోతును ఎలాగూ పలికించలేదు, కాబట్టి చిన్న పెట్టెలో ఈ కోత మేలే చేస్తుంది, శబ్దం బురదగా ఉండదు. పెద్ద స్పీకర్‌కి కలపాలనుకుంటే మాత్రం 0.47 లేదా 1 మైక్రోఫారడ్ వేయండి.

ఇక చిప్ చుట్టూ ఉండేవి. 2, 4 పిన్‌లు గ్రౌండ్‌కి. వాల్యూమ్ పాట్ మధ్య కాలు 3కి. 6కి ప్లస్. 5 నుంచి 220 మైక్రోఫారడ్ కెపాసిటర్ మీదుగా స్పీకర్‌కి (కెపాసిటర్ ప్లస్ వైపు చిప్ దిక్కున ఉండాలి). అదే 5 నుంచి గ్రౌండ్‌కి 10 ఓమ్‌ల రెసిస్టర్, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకదాని వెనక ఒకటి వేయాలి. "ఇవి లేకపోయినా మోగుతోంది కదా" అని చాలామంది ఈ రెండిటినీ వదిలేస్తారు. అవి లేకపోతే చిప్ మన చెవికి అందనంత పై ఫ్రీక్వెన్సీలో తనంతట తాను ఊగిపోవచ్చు. మీకు వినిపించేది కొద్దిపాటి గరగర మాత్రమే, కానీ చిప్ వేడెక్కుతుంటుంది, బ్యాటరీ ఖాళీ అవుతుంటుంది.

గెయిన్, అంటే చిప్ సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచాలన్నది, 1, 8 పిన్‌ల మధ్య ఉంటుంది. అక్కడ ఏమీ పెట్టకపోతే 20 రెట్లు, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే 200 రెట్లు. కెపాసిటర్‌తో వరుసలో 1 కిలో ఓమ్ పాట్ పెడితే గెయిన్ నాబ్ వస్తుంది. కెపాసిటర్ ప్లస్ 1వ పిన్ వైపు ఉండాలి. కెపాసిటర్ లేకుండా పాట్ ఒక్కటే పెట్టే సర్క్యూట్లు కూడా ఉన్నాయి. వాటిలో డీసీ కూడా పాట్ గుండా పోతుంది కాబట్టి నాబ్ తిప్పినప్పుడల్లా బరబరమంటుంది. ఇంకొక మాట: 9 వోల్టుల మీద ఈ చిప్ 8 ఓమ్‌ల స్పీకర్‌కి ఇవ్వగలిగింది అటు ఇటు 3 వోల్టుల ఊపు, అంటే సుమారు అర వాట్. 20 రెట్ల దగ్గరే ఇన్‌పుట్‌లో 0.15 వోల్టు దాటితే శబ్దం చీలుతుంది. హంబకర్ (రెండు కాయిళ్ల) పికప్ గట్టిగా మీటితే అంతకు మించే ఇస్తుంది. శుభ్రమైన శబ్దం కావాలంటే తగ్గించాల్సింది వాల్యూమే, గెయిన్ నాబ్ ఒక్కటే కాదు.

6, 4 పిన్‌ల మధ్య 100 మైక్రోఫారడ్, దాని పక్కనే 0.1 మైక్రోఫారడ్ చిప్‌కి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా ఉండాలి.

సోల్డరింగ్‌లో ఎక్కువమంది దెబ్బతినేది పిన్‌ల లెక్క దగ్గర. చిప్‌ను పైనుంచి చూస్తూ గాటు పైకి ఉండేలా పట్టుకుంటే ఎడమ పైమూల 1. అక్కడి నుంచి కిందికి 4 వరకు, ఆ తర్వాత కుడివైపు కింది నుంచి పైకి 5 నుంచి 8. అంటే 1, 8 ఎదురెదురుగా ఉంటాయి. బోర్డును తిరగేసి సోల్డర్ చేసేటప్పుడు ఇదంతా అద్దంలో చూసినట్టు మారిపోతుంది. అందుకే చిప్‌ను నేరుగా సోల్డర్ చేయకండి. 8 పిన్‌ల సాకెట్ వేసి, బోర్డు అడుగున 1వ పిన్ పక్కన మార్కర్‌తో చుక్క పెట్టుకోండి.

గ్రౌండ్ తీగల విషయంలోనూ జాగ్రత్త. స్పీకర్ మైనస్‌ను నేరుగా 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ మైనస్ కాలికి తీసుకెళ్లండి. గిటార్ జాక్ గ్రౌండ్‌ను అక్కడికే వేరే తీగతో తీసుకురండి. స్పీకర్‌లో 350 మిల్లీయాంపుల దాకా కరెంట్ కదులుతుంది. అది ఇన్‌పుట్ గ్రౌండ్ తీగ గుండా పారితే, ఆ తీగలో పుట్టే చిన్న వోల్టేజే తిరిగి ఇన్‌పుట్‌లో చేరి కీచుమంటుంది.

పరీక్ష ఇలా చేయండి. చిప్ లేకుండా బ్యాటరీ పెట్టి సాకెట్ 6వ రంధ్రంలో 9 వోల్టులు వస్తున్నాయో లేదో మల్టీమీటర్‌తో చూడండి. బ్యాటరీ తీసి, చిప్ పెట్టి, మళ్లీ బ్యాటరీ కలిపి 5వ పిన్ కొలవండి. దాదాపు 4.5 వోల్టులు, అంటే బ్యాటరీలో సగం ఉండాలి. 0 దగ్గరో 9 దగ్గరో ఉంటే చిప్ తిరగబడింది, లేదా ఎక్కడో రెండు పిన్‌లు అంటుకున్నాయి. సగం వచ్చాకే స్పీకర్ కలపండి. మీటనప్పుడు మొత్తం సర్క్యూట్ లాగే కరెంట్ సాధారణంగా 10 మిల్లీయాంపులు దాటదు. 50 లాగుతుంటే పైన చెప్పిన ఊగిసలాటే అని అనుమానించండి.

ప్రశ్న: గెయిన్ పూర్తిగా పెంచితే నా ఎల్‌ఎం386 యాంప్‌లో రేడియో ప్రసారం వినిపిస్తోంది. అప్పుడప్పుడు పడవ మోటారులా బుడుక్ బుడుక్ అంటోంది. రెండూ ఒకే లోపమా?

జవాబు: రెండూ వేర్వేరు. రేడియో వచ్చేది ఇన్‌పుట్ తీగ ఏరియల్‌లా పనిచేయడం వల్ల. జేఫెట్ గేట్‌కి ముందు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ వరుసలో వేసి, గేట్ నుంచి గ్రౌండ్‌కి 100 పికోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. రేడియో తరంగాలు అక్కడే ఆగుతాయి, గిటార్ శబ్దానికి ఏమీ కాదు. ఈ రెండూ బోర్డు మీద గేట్ పక్కనే ఉండాలి. జాక్ నుంచి బోర్డుకి షీల్డ్ తీగ వాడండి, ప్లాస్టిక్ పెట్టె అయితే లోపల అల్యూమినియం రేకు అతికించి గ్రౌండ్‌కి కలపండి.

బుడుక్ బుడుక్ బ్యాటరీ వల్ల. అరిగిపోయిన బ్యాటరీకి లోపలి రెసిస్టెన్స్ పెరుగుతుంది. గట్టి స్వరం వచ్చినప్పుడు వోల్టేజ్ కుంగుతుంది, ఆ కుంగుడు ఇన్‌పుట్ వైపు చేరి మళ్లీ శబ్దమవుతుంది, అది మళ్లీ వోల్టేజ్‌ను కుంగదీస్తుంది. కొత్త బ్యాటరీ పెట్టి చూడండి. అప్పుడూ ఉంటే 100 మైక్రోఫారడ్ స్థానంలో 470 వేయండి.

ప్రశ్న: 9 వోల్టుల బ్యాటరీ కొద్ది గంటల్లోనే అయిపోతోంది. లిథియం సెల్, పీఏఎం8403 యాంప్ బోర్డుకి మారడం మంచిదా?

జవాబు: అర వాట్ పూర్తిగా మోగుతున్నప్పుడు ఎల్‌ఎం386 బ్యాటరీ నుంచి సగటున 110 మిల్లీయాంపులు లాగుతుంది. 9 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీలో ఉండేది నెమ్మదిగా వాడితే దాదాపు 500 మిల్లీయాంప్ అవర్లు. మీ లెక్క సరిపోయినట్టే. ఆరు ఏఏ ఆల్కలైన్ సెల్‌లు వరుసగా కలిపితే అదే 9 వోల్టులు, నాలుగు రెట్లకు తక్కువ కాకుండా నిల్వ, వోల్టేజ్ కుంగడం కూడా తక్కువ. నేనైతే దీన్నే ఎంచుకుంటాను. రీఛార్జబుల్ నికెల్ సెల్‌లు అయితే ఆరు 7.2 వోల్టులే ఇస్తాయి, ఎనిమిది పెట్టండి.

జాక్ ద్వారానే ఆన్-ఆఫ్ అయ్యేలా చేస్తే ఇంకా ఆదా. ఇన్‌పుట్‌కి స్టీరియో జాక్ వాడి, బ్యాటరీ మైనస్‌ను దాని రింగ్ కాలికి కలపండి. గిటార్ మోనో ప్లగ్ దూర్చగానే దాని పొడవైన స్లీవ్ (వెనకవైపు లోహపు భాగం) రింగ్‌నూ గ్రౌండ్‌నూ కలిపేస్తుంది, యాంప్ ఆన్ అవుతుంది. ప్లగ్ గుచ్చి వదిలేస్తే మాత్రం బ్యాటరీ రాత్రంతా ఖర్చవుతూనే ఉంటుంది.

పీఏఎం8403 సామర్థ్యం ఎక్కువే, కానీ దానికి 5.5 వోల్టులు మించి ఇవ్వకూడదు. దాని స్పీకర్ తీగలు రెండూ సిగ్నల్ తీగలే, ఏదీ గ్రౌండ్ కాదు. స్పీకర్ జాక్ బయటి భాగం లోహపు పెట్టెకి తగిలి, పెట్టె గిటార్ జాక్ ద్వారా గ్రౌండ్‌కి కలిసి ఉంటే షార్ట్ అవుతుంది. పీఏఎం8403 చీల్చినప్పుడు వచ్చే శబ్దం కూడా కరకుగా ఉంటుంది, గిటార్‌కి నప్పదు. లిథియం సెల్ వాడేట్టయితే సెల్‌కి నేరుగా సోల్డర్ పెట్టొద్దు, వేడికి లోపల దెబ్బతింటుంది. హోల్డర్ వాడండి. టీపీ4056 ఛార్జింగ్ బోర్డుల్లో అవుట్ ప్లస్, అవుట్ మైనస్ అని వేరుగా ఉన్నదే తీసుకోండి, సెల్ మరీ ఖాళీ కాకుండా కాపాడే సర్క్యూట్ ఉండేది అందులోనే.

ప్రశ్న: 4 ఓమ్‌ల స్పీకర్ పెడితే ఎక్కువ మోగుతుందా?

జవాబు: చిప్ వేడెక్కడం ఎక్కువవుతుంది. 9 వోల్టుల మీద 8 ఓమ్‌లకే ఉండండి, 16 అయినా ఫర్వాలేదు. మోత స్పీకర్ సున్నితత్వంలో ఉంది. చిన్న స్పీకర్ 1 వాట్‌కి మీటరు దూరంలో 85 డెసిబెల్స్ చుట్టూ ఇస్తే, పన్నెండంగుళాల గిటార్ స్పీకర్లు చాలావరకు 97 నుంచి 100 ఇస్తాయి. 10 డెసిబెల్స్ తేడా అంటే పది రెట్ల వాట్లు. ఇదే అర వాట్ యాంప్‌ను గిటార్ క్యాబినెట్‌కి కలిపి వినండి, గది నిండుతుంది. చిన్న స్పీకరే వాడితే వెనక మూసిన పెట్టెలో బిగించండి. బల్ల మీద ఊరికే పెడితే ముందు గాలీ వెనక గాలీ ఒకదాన్నొకటి రద్దు చేసుకుని కిందిస్వరాలు మాయమవుతాయి.

ప్రశ్న: దీనికే హెడ్‌ఫోన్ కలపొచ్చా?

జవాబు: కలపొచ్చు. 220 మైక్రోఫారడ్ తర్వాత 100 ఓమ్‌ల రెసిస్టర్ వేసి, స్టీరియో సాకెట్‌లో టిప్, రింగ్ రెండిటినీ కలిపి ఇవ్వండి. లేకపోతే ఒక్క చెవిలోనే వినిపిస్తుంది. ఆ రెసిస్టర్ ఉన్నా మోత గట్టిగానే ఉంటుంది కాబట్టి, వాల్యూమ్ సున్నాకి తిప్పి, ఒక తీగ మీటి, ఆ తర్వాతే హెడ్‌ఫోన్ చెవికి పెట్టుకుని నెమ్మదిగా పెంచండి.