“బాగుంది” అన్నవారిని ఏమడగాలి? – సొంత పాటలు కట్టేవారి ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను హనుమకొండలో ఉపాధ్యాయుడిని. సంగీతం పద్ధతిగా నేర్చుకోలేదు గానీ కొన్నేళ్లుగా సొంతంగా పాటలు రాసి, బాణీ కట్టి, ఫోనులోనే రికార్డు చేసుకుంటున్నాను. కీబోర్డు నేనే వాయిస్తాను, డప్పు మా మిత్రుడు కొడతాడు. పాట పూర్తి కాగానే బంధువుల వాట్సాప్ గ్రూపులోనూ, తోటి ఉపాధ్యాయుల గ్రూపులోనూ పెడతాను. పెట్టిన నిమిషంలోనే చప్పట్ల బొమ్మలు, “సూపర్ సార్” అన్న మాటలు వరుస కడతాయి. ఆరు నిమిషాల పాటకు నిమిషంలో మెచ్చుకోలు ఎలా వస్తుందో నాకు తెలియనిది కాదు. ఉన్నదున్నట్టు చెప్పేవారిని ఎక్కడ వెతకాలి? ఒక పాట మీకూ పంపుతున్నాను, మొహమాటం లేకుండా చెప్పండి.
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఉన్నదున్నట్టు చెప్పగలిగినవారు మీ రెండు గ్రూపుల్లోనే ఉండి ఉంటారు. అయితే “పాట ఎట్లుంది?” అని నలుగురిలో అడిగినప్పుడు వారికి మీరు ఒకే దారి వదులుతున్నారు. పెళ్లి పందిట్లో విందు పెట్టినాయన ఎదురుగా వచ్చి భోజనం ఎట్లుందని అడిగితే ఎవరైనా ఏమంటారు? పైగా గ్రూపులో మొదటి ఇద్దరు మెచ్చుకున్న తరువాత మూడోవారు తప్పు చూపితే, అది పాట మీద అభిప్రాయంగా కాక మీ మీద అక్కసుగా కనిపిస్తుందన్న జంకు వారికి ఉంటుంది. అందుకని పాటను గ్రూపులో పెట్టకముందే ముగ్గురు నలుగురికి విడివిడిగా పంపి, దానితో పాటు చిన్న ప్రశ్న ఒకటి జత చేయండి. ఎక్కడ మీ ధ్యాస పక్కకు పోయింది, ఏ మాట చెవికి సరిగా అందలేదు, రెండో చరణం తీసేస్తే లోటు అనిపిస్తుందా అని అడిగితే, వాటికి ‘సూపర్’ అనేది జవాబు కాదు కాబట్టి ఎంతటి మొహమాటస్థుడైనా ఏదో ఒకటి చెప్పవలసి వస్తుంది.

వారు చెప్పిన దానిని ఎలా తీసుకోవాలన్నది ఇంకా ముఖ్యం. సంగీతం తెలియనివారు ‘ఇక్కడ ఏదో బాగాలేదు’ అంటే, ఆ చోటు విషయంలో వారి మాట దాదాపు ఎప్పుడూ నిజమే అవుతుంది. ఎందుకు బాగాలేదో చెప్పే కారణం మాత్రం చాలాసార్లు తప్పుతుంది. ‘పాట సాగదీసినట్టుంది’ అన్నవారికి నిజానికి పల్లవి రావడమే ఆలస్యమై ఉండవచ్చు. ‘గొంతు బాగాలేదు’ అన్నవారికి కీబోర్డు మోతలో మీ గొంతు వినపడకపోయి ఉండవచ్చు. కనుక వారు వేలుపెట్టి చూపిన చోటును నమ్మండి, మందు మాత్రం మీరే వెతుక్కోండి.

మన ప్రాంతంలో పాటకు ఇంతకన్నా కఠినమైన పరీక్ష ఏటా జరుగుతూనే ఉంది. సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం మీ పద్మాక్షి గుట్ట దగ్గరే చూడండి. ఒకామె పాట ఎత్తుకుంటుంది, చుట్టూ తిరిగేవారు అందుకుంటారు. వరస నోటికి పట్టేదైతే రెండో చుట్టుకల్లా అందరూ గొంతు కలుపుతారు; పట్టనిదైతే చప్పట్లు మాత్రమే మిగిలి, కాసేపటికి ఇంకెవరో మరో పాట ఎత్తుకుంటారు. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనరు, అయినా తీర్పు వచ్చేస్తుంది. ఒగ్గు కథ చెప్పేవారికీ, చిందు భాగవతులకూ కూడా ఎదుట కూర్చున్నవారి ముఖమే గురువు. జనం లేచిపోతున్నారనిపిస్తే ప్రధాన కథకుడు వెంటనే దరువు మారుస్తాడు, లేకపోతే పక్కవాడితో ఒక హాస్యం ఆడిస్తాడు. ఫోనులో పాడి పంపేవారికి ఆ ముఖం కనిపించదు. అయినా దానిని కొంతవరకు తెచ్చుకోవచ్చు. మీ పాట విన్నవారిని రెండు రోజుల తరువాత కలిసినప్పుడు పల్లవి ఒక్కసారి అనమని అడగండి. మాటలు మరిచిపోయినా వరస కూనిరాగంగా వస్తే బాణీ నిలిచినట్టే. మాటలు గుర్తుండి వరస రాకపోతే మీరు కవిత రాశారు గానీ పాట ఇంకా కట్టలేదు.

మీరు పంపిన పాట సంగతి. పల్లవి బాగుంది. ఈ మాట మర్యాదకు అనడం లేదు. పల్లవి చివర పంచమం (ప) నుంచి షడ్జమానికి (స) దిగేటప్పుడు గాంధారం (గ) మీద మీరు క్షణం ఆగడం వల్ల మళ్లీ మొదటి నుంచి అందుకోబుద్ధి అవుతుంది. అయితే అక్కడికి చేరేలోగా దాదాపు యాభై సెకన్లు కీబోర్డు వినవలసి వచ్చింది, అందులో సగం తీసేసినా పోయేదేమీ లేదు. తారస్థాయి షడ్జమాన్ని అందుకున్న ప్రతిసారీ గొంతు వెంట్రుకవాసి కిందనే ఆగిపోతోంది. అది సాధన లోపమే కానక్కరలేదు, మీరు పెట్టుకున్న శ్రుతి మీ గొంతుకు ఎక్కువై ఉంటుంది. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ నొక్కి ఒక మెట్టు, చాలకపోతే రెండు మెట్లు తగ్గించి మళ్లీ పాడి చూడండి.

డప్పు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ పాటలో అన్నిటికన్నా మంచి సరుకు అదే, అన్నిటికన్నా ఎక్కువగా పాడైనదీ అదే. మీ మిత్రుడు డప్పును మంట దగ్గర చక్కగా కాచుకుని కూర్చున్నారని వినగానే తెలుస్తోంది, మోత బిగువుగా ఉంది. కానీ చిర్ర (డప్పు కొట్టే పుల్ల) దెబ్బ పడిన ప్రతిసారీ శబ్దం చిట్లుతోంది, ఫోను మరీ దగ్గరగా పెట్టినట్టున్నారు. డప్పు దెబ్బ మొదటి క్షణంలోనే శిఖరానికి పోతుంది. దానిని తట్టుకోలేని మైకు పైభాగాన్ని కోసేస్తుంది, అలా కోతపడిన శబ్దాన్ని తరువాత ఏ యాప్ కూడా పూర్తిగా తిరిగి తేలేదు. ఫోనును నాలుగైదు అడుగుల దూరం జరిపి, రికార్డింగు యాప్‌లోని మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. ఇంకొకటి, పాట పొడవునా మీ గొంతు డప్పు కంటే రవ్వంత వెనక నడుస్తోంది. ముందు డప్పు రికార్డు చేసి, దానిని బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌లో వింటూ పాడారేమో గుర్తు తెచ్చుకోండి. బ్లూటూత్‌లో శబ్దం చెవికి చేరడమే కొంత ఆలస్యమవుతుంది, మీరు ఆ ఆలస్యాన్నే తాళమనుకుని పాడతారు. వైరు ఉన్న ఇయర్‌ఫోన్ వాడితే ఈ చిక్కు చాలా మటుకు తీరుతుంది.

ఇక మీరు ఒకే పాటను రెండు రకాలుగా చేసి ఏది మేలో తేల్చమని అడిగే సందర్భం వస్తుంది. అప్పుడు రెండింటి శబ్దాన్ని సమానం చేసి పంపండి, ఎందుకంటే ఏది కాస్త గట్టిగా వినిపిస్తే అదే బాగుందనడం చెవి నైజం. గట్టిగా చేస్తే యూట్యూబ్‌లో నెగ్గుకురావచ్చని కొందరు అనుకుంటారు, అదీ వట్టిదే. అక్కడ గట్టి పాటలను సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట మొత్తం మీద ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే ప్రమాణం) స్థాయికి తగ్గించే వినిపిస్తారు. పాటను వాయిస్ మెసేజ్‌గా పాడి పంపవద్దు, అది మాటల కోసం బాగా కుదించిన శబ్దం. రికార్డు చేసిన ఫైలునే డాక్యుమెంటుగా పంపండి. సంగీతం తెలిసిన చెవి ఒక్కటైనా కావాలనుకుంటే వరంగల్‌లో విద్యారణ్య సంగీత నృత్య కళాశాల ఉంది, అక్కడ నేర్చుకున్నవారు మీ పాఠశాల పిల్లల తల్లిదండ్రులలోనో, ఆ చుట్టుపక్కలనో దొరకకపోరు. వారికి వినిపించేటప్పుడు పాట మీదని చెప్పకుండా ఎవరి చేతనైనా పంపించండి. ఆకాశవాణి స్వర పరీక్షలలో పాడినవారి పేరు తెలియనివ్వకుండా వినే పద్ధతి పెట్టినది కూడా ఇందుకే.

ప్రశ్న: మాది జగిత్యాల. కుట్టుపని చేసుకుంటూ పాటలు కడతాను. మొన్న ఒక శుభకార్యంలో నా పాట పాడితే, సంగీతం తెలిసిన ఒక పెద్దాయన అందరి ముందు “భాష శుద్ధంగా లేదు, భజన పాటలా ఉంది, ముందు సరళీ వరసలు నేర్చుకో” అన్నారు. అప్పటి నుంచి నోరు తెరవబుద్ధి కావడం లేదు. పాట మొదటి మాటలు “సెరువు నిండితె సాలు” అని ఉంటాయి. మిషన్ దగ్గర కూర్చుని పాడిన రికార్డింగు పంపుతున్నాను. నేను మానేయడమే మంచిదా?
– ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: అమ్మా, మానేయవలసిన అవసరం నాకు కనిపించలేదు. అందరి ముందు ఆ మాటలు అనడం పద్ధతి కాదు, అందులో సందేహం లేదు. కానీ పద్ధతి తప్పిందని మాటంతా తోసేయనూ వద్దు. ఆయన చెప్పినవి మూడు వేరువేరు సంగతులు, విడదీసి చూడండి.

సరళీ వరసలు మాయామాళవగౌళ రాగంలో కూర్చిన తొలి పాఠాలు. స్వరస్థానాలు గొంతుకు పట్టడానికి అంతకు మించిన సాధన లేదు, వీలైతే తప్పక నేర్చుకోండి. పాట కట్టడానికి మాత్రం అది ముందస్తు షరతు కాదు. అలాగైతే నాట్ల పాటలు, కోలాటం పాటలు, దంపుళ్ల పాటలు పుట్టి ఉండేవే కావు. ‘భజన పాటలా ఉంది’ అన్నది నిందగా ఎందుకు తీసుకోవాలో నాకు తెలియదు. ఊరంతా ఒకేసారి తాళం తప్పకుండా పాడగలిగేలా వరస కట్టడం చిన్న పని కాదు. మీ పాటలో పల్లవి చరణం ఒకే వరసలో ఉన్నాయని ఆయన ఉద్దేశమైతే, ఆ మాటలో నిజముంది, చరణాన్ని కాస్త పై స్థాయిలో ఎత్తుకుని చూడండి.

ఇక భాష. సెప్టెంబరు 9న కాళోజీ పుట్టినరోజును తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటూ, మర్నాడే ‘సెరువు’ అన్న ఆడబిడ్డను తప్పుపట్టడం ఏం న్యాయమో పెద్దాయనే చెప్పాలి. అయితే మీ రికార్డింగు విన్నాక ఆయన చెవికి ఏదో గుచ్చుకున్న మాట నిజమేననిపించింది. ‘సెరువు’లో మొదటి అక్షరం పొట్టిది. తాళం నింపడానికి మీరు దానిని ‘సే…రువు’ అని సాగదీశారు, ఆ మాటను మన వాడకట్టులో ఎవరూ అలా అనరు. ‘నిండితె’ దగ్గర మాత్రం ఒత్తు సరిగ్గా దెబ్బ మీద పడింది కాబట్టి అక్కడ హాయిగా ఉంది. ‘చెరువు’ అని దిద్దినా ఈ దోషం అలాగే ఉంటుంది, ఎందుకంటే లోపం యాసలో లేదు, అక్షరం పొడవుకూ తాళం పొడవుకూ పొంతన కుదరకపోవడంలో ఉంది. సాగే చోట దీర్ఘాక్షరం వచ్చేలా, ‘సాలు’ను ముందుకు తెచ్చి “సాలు… సెరువు నిండితె సాలు” అని ఎత్తుకోండి. మీ మాట మీదే ఉంటుంది, తాళమూ నిండుతుంది.

ప్రశ్న: జనగామలో పిల్లలకు హార్మోనియం నేర్పుతాను. మా వీధి కుర్రవాడొకడు ప్రతి వారం తన పాట తెచ్చి “తాతా, నిజం చెప్పు” అంటాడు. నిజం చెబితే మానేస్తాడేమోనని భయం, చెప్పకపోతే చెడగొట్టినవాడినవుతానేమోనని ఇంకో భయం.
– ఒక పెద్ద పాఠకుడు, జనగామ

జవాబు: అయ్యా, మొదట ఆ పాట ఎందుకు కడుతున్నాడో అడగండి. మిత్రుడి పెళ్లి బరాతులో పాడుకోవడానికైతే మీరు చెప్పవలసింది చాలా తక్కువ, సంతోషంగా విని పంపండి. తెచ్చిన ప్రతి పాటనూ పరీక్ష పేపరులా దిద్దనక్కరలేదు. పైకి రావాలన్న పట్టుదల ఉందంటే అప్పుడు దాచవద్దు, కానీ ఒక వారానికి ఒక్క దోషమే చెప్పండి. “లయ లేదు” అనవద్దు. “మొదటి చరణం మూడో పాదంలో నువ్వు తొందరపడ్డావు, చేత్తో తాళం వేసి చూపిస్తాను” అనండి. మొదటి మాటకు కుర్రవాడు బాధపడతాడు, రెండో మాటకు పాదం దిద్దుకుంటాడు. సినిమా గాయకుల పేరెత్తి పోల్చవద్దు, వారి వెనక స్టూడియో ఉంటుంది, వీడి వెనక మేడ మీద నీళ్ల ట్యాంకు ప్రతిధ్వని ఉంటుంది. తరువాతి వారం వచ్చినప్పుడు క్రితం చెప్పింది దిద్దుకున్నాడా లేదా చూసి, దిద్దుకుంటే ఆ సంగతి నోరారా చెప్పండి. మీ హార్మోనియం మెట్లు సమానంగా విభజించిన స్వరాలకు కట్టినవి కాబట్టి, వాడు గమకంతో, అంటే స్వరాన్ని ఊపుతూ, పాడిన చోట అపశ్రుతి అని తొందరపడి తీర్పు చెప్పకండి, ఈ పొరపాటు హార్మోనియం మాస్టర్లలో తరచుగా కనిపిస్తుంది.

ప్రశ్న: అభిప్రాయం కోసం పాట పంపితే ఎవరైనా బాణీ ఎత్తుకుపోతారేమో?
– ఒక పాఠకుడు, మహబూబాబాద్

జవాబు: 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం పాట సొంతంగా కట్టి కాగితం మీద రాయడమో, రికార్డు చేయడమో జరగగానే హక్కు మీకు వస్తుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. సాహిత్యానికి ఒక హక్కు, బాణీకి మరొక హక్కు; రెండూ కర్త జీవితకాలం, ఆ తరువాత 60 ఏళ్లు ఉంటాయి. తేదీ కనిపించేలా మొదటి రికార్డింగును, రాసుకున్న కాగితాన్ని దాచుకుని, ఎవరికి ఎప్పుడు పంపారో వాట్సాప్‌లో చెరిపేయకుండా ఉంచుకోండి. తరతరాలుగా పాడుతున్న జానపద వరసకు మీరు కొత్త మాటలు రాసి ఉంటే, మాటలు మీవి, వరస మీద మాత్రం మీరు హక్కు అడగలేరు. ఇంటర్నెట్‌లో దొరికిన కరోకే ట్రాకు మీద పాడినవారు ఇతరుల దొంగతనం గురించి భయపడేముందు ఆ ట్రాకు ఎవరిదో కనుక్కోవడం మంచిది, యూట్యూబ్‌లో పెట్టగానే అభ్యంతరం మొదట వారి నుంచే వస్తుంది.