వారంటీ కార్డులో లేదంటే హక్కు పోయినట్టేనా?

సందేహం: పది నెలల కిందట ఆన్‌లైన్‌లో ఒక చవక వాచీ కొన్నాను. ‘పూర్తి స్టెయిన్‌లెస్ స్టీల్, 50 మీటర్ల వాటర్ రెసిస్టెన్స్, ఏడాది వారంటీ’ అని ప్రకటనలో ఉంది. ఆరో నెలలో చైను లింకు దగ్గర తెగింది. ఇప్పుడు అద్దం లోపల ఆవిరి పడుతోంది. వాచీ కేసు (యంత్రం చుట్టూ ఉండే బయటి లోహపు గుల్ల) అంచుల్లో వెండి రంగు పూత లేచిపోయి, కింద పసుపు రంగు లోహం బయటపడింది. చైనుకూ పూతకూ వారంటీ లేదనీ, నీళ్లు చేరడం నా వాడకం తప్పనీ చెప్పి సర్వీసు సెంటరువాళ్లు వాచీ తెరవకుండానే తిప్పి పంపారు. ఇంత చిన్న మొత్తానికి కేసు వెయ్యొచ్చా? మళ్లీ కొనేటప్పుడు ఏం చూసుకోవాలి? – ఒక పాఠకురాలు

జవాబు: వెయ్యొచ్చు. మొత్తం చిన్నదని వినియోగదారుల చట్టం ఎవరినీ గుమ్మంలోంచి వెనక్కి పంపదు. అయితే మీ మూడు ఫిర్యాదులకూ ఒకే బలం లేదు. పూత విషయంలో మీ పక్షం చాలా గట్టిగా ఉంది. చైను విషయంలో ఫరవాలేదు. ఆవిరి సంగతి మాత్రం మీరు ఆ వాచీని ఎలా వాడారన్న దాన్ని బట్టి తేలాలి.

ముందు వారంటీ కార్డు గురించి. చాలామంది ఆ కార్డులో ఉన్నంతవరకే తమ హక్కు అనుకుని కౌంటరు దగ్గరే ఆగిపోతారు. ఆ కార్డు కంపెనీ తనంతట తాను ఇచ్చే ఉచిత రిపేరు హామీ. దానికి కంపెనీ హద్దులు పెట్టుకోవచ్చు. మీ హక్కుకు ఆధారం వేరే చోట ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో 2(10) సెక్షన్ ‘లోపం’ అంటే ఏమిటో చెబుతుంది. అమ్మకందారు సరుకు గురించి ‘ఏ విధంగానైనా’ చెప్పుకున్న నాణ్యతకు ఆ సరుకు తగ్గితే అది లోపమే. ప్రకటన పేజీ, పెట్టె మీద అచ్చు, డయల్ మీద అక్షరాలు, వెనక మూత మీద చెక్కిన మాటలు అన్నీ దీని కిందికే వస్తాయి. ‘చైనుకు వారంటీ లేదు’ అన్న వాక్యం వల్ల ఉచిత రిపేరు దొరక్కపోవచ్చు. అమ్మిన రోజే లోపం ఉన్న సరుకుకు చట్టం ఇచ్చే పరిహారం మాత్రం దానివల్ల పోదు.

ఇప్పుడు మీ వాచీని బోర్లించి, వెలుతురులో వెనక మూత చదవండి. ‘స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్’ అని ఉందేమో చూడండి. చవక వాచీల మీద తరచూ కనిపించే మాట ఇది. మూత ఒక్కటే స్టీలు, మిగతా కేసు వేరే లోహం అని దాని అర్థం. కొన్నిటి మీద ‘బేస్ మెటల్’ అని కూడా చెక్కి ఉంటుంది. అలాంటి కేసును ఇత్తడితోనో జింకు మిశ్రమంతోనో చేసి పైన పూత వేస్తారు. చెమట తగిలే చోట, బట్టకు రాసుకునే అంచుల్లో ఆ పూత ముందుగా పోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు ఎంత గీసినా లోపల కూడా అదే రంగు ఉంటుంది. మీకు పసుపు రంగు కనిపిస్తోందంటే అది ఇత్తడి అయ్యే అవకాశమే ఎక్కువ. ‘పూర్తి స్టెయిన్‌లెస్ స్టీల్’ అని చెప్పి దాన్ని అమ్మారు. ఇది అరుగుదల కిందికి రాదు, చెప్పిన సరుకు ఒకటి, ఇచ్చిన సరుకు మరొకటి. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 15వ సెక్షన్ ప్రకారం వర్ణన చెప్పి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోయి తీరాలి. సరుకు నాణ్యత గురించి అబద్ధం చెప్పి అమ్మడం వినియోగదారుల చట్టం 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి కూడా. కాబట్టి మీ ఫిర్యాదును ఇక్కడి నుంచే మొదలుపెట్టండి. అంచు దగ్గరనుంచి ఒకటి, వెనక మూత అక్షరాలు చదవగలిగేలా ఒకటి ఫొటోలు తీయండి. ప్రకటన పేజీ ఇంకా ఉంటే తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ ఈరోజే తీసుకోండి. అమ్మకందారు రేపు దాన్ని మార్చేయొచ్చు. ఈ ఎలక్ట్రానిక్ ఆధారాలకు భారతీయ సాక్ష్య అధినియమ్ 2023లోని 63వ సెక్షన్ ధ్రువపత్రం (వాటిని ఏ పరికరంలో ఎలా తీశారో తెలిపే పత్రం) జతచేస్తే వాటి మీద అభ్యంతరానికి చోటు తగ్గుతుంది.

చైను విషయంలో తెగిన ముక్కలు పారేయకండి, బయట అతికించుకోకండి. రేకు మడిచి చేసిన లింకు చిరిగిందా, లింకుల మధ్య పిన్ను జారిందా అన్నది ఆ ముక్కలే చెబుతాయి. మామూలు వాడకంలో ఆరు నెలలకే లింకు చిరిగితే అది నాణ్యత లోపమని వాదించడానికి మంచి ఆస్కారం ఉంది. కేసుకు కట్టే చివరి పిన్ను ఊడిందంటే మాత్రం అవతలివాళ్లు దెబ్బ తగిలిందని అంటారు. దానికి మీ దగ్గర జవాబు ఉండాలి.

ఇక ఆవిరి. 50 మీటర్లు అని రాస్తే అంత లోతుకు దిగొచ్చని కాదు. కదలకుండా ఉన్న వాచీ ఆ లోతుకు సమానమైన ఒత్తిడిని పరీక్షలో తట్టుకుందని అర్థం. చేతి వాచీలకు ఐఎస్‌ఓ 22810, డైవింగ్ వాచీలకు ఐఎస్‌ఓ 6425 అని వేర్వేరు ప్రమాణాలున్నాయి. ఒత్తిడిని బార్‌లలో కొలుస్తారు, సుమారుగా 10 మీటర్లకు ఒక బార్. 3 బార్ అంటే చేతులు కడిగేటప్పుడు పడే చినుకులు, వాన. 5 బార్ అయితే కాసేపు నీళ్లలో మునిగినా తట్టుకోవాలి. ఈతకు 10 బార్ ఉండాలి. వేడినీళ్ల స్నానం వేరే సంగతి. సబ్బు, వేడి, ఆవిరి లోపలి రబ్బరు వాషర్లను పాడుచేస్తాయి కాబట్టి చాలా కంపెనీలు దాన్ని వద్దనే రాస్తాయి. కీ బయటికి లాగి ఉండగా నీళ్లు తగిలినా, సెల్లు మార్చేటప్పుడు బయట మూత తీసి వాషరు సరిగా కూర్చోబెట్టకపోయినా నీళ్లు చేరతాయి. ఈ మూడింట్లో ఏదీ మీ విషయంలో జరగలేదంటే, ఆ సంగతి అఫిడవిట్‌లో స్పష్టంగా చెప్పండి. ఏదైనా జరిగి ఉంటే ఆవిరి అంశాన్ని వదిలేయండి. బలహీనమైన ఒక ఆరోపణ పక్కనున్న బలమైన దాన్ని కూడా అనుమానంలో పడేస్తుంది.

సర్వీసు సెంటరు మాట మీద కూడా ఒకటి చెప్పాలి. మూత తెరవకుండా, ఒత్తిడి పరీక్ష చేయకుండా ‘వాడకం తప్పు’ అని తేల్చేస్తే దానికి ఆధారం ఏముంది? మళ్లీ వెళ్లి, ఏ పరీక్ష చేసి ఆ నిర్ణయానికి వచ్చారో జాబ్ షీటులో (సర్వీసు సెంటరు ఇచ్చే పని కాగితంలో) రాసివ్వమనండి. రాసిస్తే అది సాక్ష్యం. రాయడానికి ఒప్పుకోకపోతే, అడిగానని, ఇవ్వలేదని అక్కడికక్కడే వాళ్లకు మెయిల్ పెట్టండి. జాబ్ షీటు లేకుండా వాచీని మాత్రం వాళ్ల చేతుల్లో పెట్టి రావద్దు.

కేసు వేశాక, లోపం పరీక్షిస్తే తప్ప తేలదనిపిస్తే వినియోగదారుల కమిషన్ అదే వినియోగదారుల చట్టం 38(2) సెక్షన్ కింద సరుకును ప్రయోగశాలకు పంపగలదు. ఆ ఖర్చు ముందుగా ఫిర్యాదుదారే కట్టాలి. చవక వాచీకి అది భారమే. అందుకే పూత అంశాన్ని ముందు పెట్టమంటున్నాను. అక్కడ ప్రకటన మాటా, మూత మీది అక్షరాలూ, మీ ఫొటోలూ పక్కపక్కన పెడితే చాలావరకు సరిపోతుంది.

నేరుగా కేసుకు వెళ్లక్కర్లేదు. అమ్మకందారుకు, ఆన్‌లైన్ వేదికకు, పెట్టె మీద పేరున్న తయారీదారు లేదా దిగుమతిదారుకు ఒకే మెయిల్ పంపండి. కొన్న తేదీ, ప్రకటనలో ఏముంది, వచ్చింది ఏమిటి, మీకేం కావాలి, అంతే రాయండి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం వేదిక ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకును వాపసు తీసుకోనని అమ్మకందారు అనకూడదని కూడా ఆ నియమాల్లోనే ఉంది. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. చాలా గొడవలు అక్కడే తెమిలిపోతాయి.

అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. అమ్మకందారు ఎక్కడున్నా సరే, మీరు నివసించే చోట వేయొచ్చు. ఈ సౌకర్యం 2019 చట్టంతోనే వచ్చింది, ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు ఇది పెద్ద బలం. కట్టిన ధర 5 లక్షల రూపాయల లోపుంటే ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు, వ్యాజ్య కారణం (కేసు వేయడానికి దారితీసిన విషయం) ఏర్పడిన నాటి నుంచి 2 ఏళ్లు. పరీక్ష అక్కర్లేని కేసును అవతలివాళ్లకు నోటీసు అందిన 3 నెలల్లో, పరీక్ష అవసరమైతే 5 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటోంది. ఆచరణలో అంతకంటే ఆలస్యం కావచ్చు, దానికి సిద్ధపడే వేయండి. కోరికల్లో వాచీ ధర వాపసు, దాని మీద వడ్డీ, ఇబ్బందికి కొంత పరిహారం, ఖర్చులు అడగండి. చిన్న వాచీకి లక్షల పరిహారం అడిగితే మీ నిజాయితీ మీదే నీడ పడుతుంది.

మళ్లీ కొనేటప్పుడు సంగతి అడిగారు. వకీలుగా నా సలహా, రాతలో కచ్చితమైన మాట ఉన్న వాచీ కొనండి. డయల్ మీద అంకె లేకుండా ఉత్త ‘వాటర్ రెసిస్టెంట్’ అని ఉంటే అది చినుకులకు మాత్రమే, రేపు మీ దావా కూడా అంతవరకే. రోజూ నీళ్లతో పనుంటే 10 బార్ లేదా 100 మీటర్లు అని ఉన్నది తీసుకోండి. కేసు మొత్తం స్టీలేనా అని అమ్మకందారును చాట్‌లోనో మెయిల్‌లోనో అడిగి జవాబు దాచుకోండి. డబ్బు తక్కువైతే పూత వేసిన లోహం కన్నా రెజిన్ (గట్టి ప్లాస్టిక్) కేసు మేలు, ఊడిపోవడానికి దాని మీద పూతే ఉండదు. 1989లో వచ్చిన కాసియో ఎఫ్-91డబ్ల్యూ లాంటి ప్లాస్టిక్ డిజిటల్ వాచీలకు అంత పేరు రావడానికి ఈ సాదాతనమూ ఒక కారణమే. అయితే దాని నీటి రక్షణ కూడా చినుకుల వరకే.

బెల్టు విషయంలో, అది పోతే వాచీ మూలపడకూడదు. కేసు కొమ్ముల మధ్య వెడల్పు 18, 20, 22 మిల్లీమీటర్లలో ఏదో ఒకటై, మామూలు స్ప్రింగు పిన్నుతో బిగించేదైతే ఏ కంపెనీ బెల్టయినా పడుతుంది. కేసుతో కలిపి అచ్చుపోసినట్టుండే ప్రత్యేక బెల్టు తెగితే ఆ కంపెనీ దయ మీదే ఉండాలి. చెమట ఎక్కువ పట్టేవాళ్లకు తోలు నిలవదు. సిలికానో నైలానో తీసుకుని కడుక్కుంటూ వాడండి. చైనే కావాలంటే మడత రేకు లింకులు కాకుండా నిండు లింకులున్నది చూడండి, చేతిలో బరువే తేడా చెబుతుంది.

క్వార్ట్జ్ వాచీ నెలకు ఓ 15, 20 సెకన్లు అటూ ఇటూ అయితే మామూలే. మెకానికల్ వాచీకి అన్ని సెకన్ల తేడా ఒక్క రోజులోనే రావచ్చు. అది లోపం కాదు, దాని మీద కేసు నిలవదు. ఇంకొకటి, ఈసారి వాచీ ఎవరైనా మీకు కొనిచ్చినా దిగులుపడొద్దు. కొన్నవారి అనుమతితో వాడేవారు కూడా వినియోగదారుల చట్టం 2(7) ప్రకారం వినియోగదారులే. బిల్లు కాపీ వాళ్ల దగ్గర అడిగి తీసుకుంటే చాలు, ఫిర్యాదు మీ పేరుతోనే వేయొచ్చు.